బానెట్ మీద పెద్ద దండ

"అమ్మా, కొబ్బరి పీచు ఎక్కడుంది?" గరాజ్ ముందు నుంచి కేక పెట్టింది స్పందన.

వంటింట్లో లడ్డూలు చుడుతున్న నిరుపమ, "సింకు కింద చూడు" అంది. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

పక్కింటి గిరిజ ఆంటీ కూతురు హిమజ అక్క పెళ్లి రేపే. పెళ్లికూతురు హాలుకు వెళ్లేది స్పందన వాళ్ల నీలం కారులో. ఆ కారంటే నాన్న దుర్గేష్‌కు ప్రాణం. న్యూజిలాండ్ వచ్చాక ఆయన కొనుక్కున్న మొదటి కారు అది.

దాన్ని ఎవరు శుభ్రం చెయ్యాలన్న దాని మీద ఇంట్లో వారమంతా చర్చే.

"కార్లు కడిగి పాలిష్ పట్టే విష్ణుని పిలుద్దాం. పెళ్లి కారు కదా, మెరవాలి" అన్నాడు నాన్న.

"వద్దు నాన్నా! మన కారు మనమే చేసుకుందాం, ప్లీజ్!" అంది స్పందన.

చివరికి నాన్నే మెత్తబడ్డాడు. "సరే. శనివారం ఎయిర్‌పోర్ట్‌లో డ్యూటీ దిగి రెండింటికల్లా వచ్చేస్తా. ఇద్దరం కలిసి చేద్దాం. అంతవరకూ ఆగు."

ఆగడం మన స్పందనకు రాని విద్య. పైగా, కారంతా తనొక్కతే తళతళలాడించేస్తానని అప్పటికే వీధంతా చాటింపు వేసింది. పదేళ్ల పిల్ల మాట ఇచ్చాక వెనక్కి తగ్గుతుందా?

బకెట్టు, సబ్బు నురగ, పాత టవలు పట్టుకుని శనివారం పొద్దున్నే పనిలోకి దిగింది. చక్రాలు ఒక్కొక్కటీ కడిగింది. అద్దాలు తుడిచింది. నిజం చెప్పుకోవాలి, చాలా బాగా చేసింది.

బానెట్ దగ్గరే చిక్కొచ్చిపడింది. ఇంటి ముందు పొహుటుకావా చెట్టు డిసెంబరు వచ్చేసరికి ఎర్రగా పూసి, పూల పోగులన్నీ కారు మీదే రాలుస్తుంది. అవి జిగురుతో అతుక్కుపోయాయి. సబ్బుకు లొంగలేదు.

అప్పుడు స్పందనకు అమ్మ ఇత్తడి దీపాలు గుర్తొచ్చాయి. చింతపండు పట్టించి, కొబ్బరి పీచుతో రుద్దితే అవి బంగారంలా మెరుస్తాయి. మరి కారు మాత్రం ఎందుకు మెరవదు? గిన్నెడు చింతపండు గుజ్జు బానెట్‌కు పట్టించి, భుజం నొప్పి పుట్టేదాకా రుద్దింది. పూల పోగులన్నీ పోయాయి. ఆనందంగా నీళ్లు కొట్టింది.

బానెట్ ఆరింది. ఎండ పడింది. నీలం రంగు మీద గీతలే గీతలు. సున్నాల మీద సున్నాలు చుట్టినట్టు.

స్పందన గబగబా టవలుతో తుడిచింది. గీతలు పోలేదు. లోపలికి పరుగెత్తింది.

"అమ్మా, రేపు కారుకి కట్టే దండ పెద్దది చెయ్యి. బానెటంతా కప్పేంత!"

"అంత దండ వేస్తే నాన్నకు రోడ్డు కనబడొద్దూ?" అని నవ్వింది అమ్మ.

స్పందనకు నవ్వు రాలేదు. ఒక దుప్పటి తెచ్చి బానెట్ మీద కప్పేసింది.

రెండింటికి స్నేహితుడి కారు దిగిన నాన్న, గేటు దగ్గరే ఆగిపోయాడు. మెరుస్తున్న చక్రాలు చూసి ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఆగలేకపోయావన్నమాట! గిరిజగారూ, ఒకసారి ఇలా రండి! మా అమ్మాయి పనితనం చూడండి!"

గిరిజ ఆంటీ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వచ్చింది. "అబ్బో! ఒక్కతే చేసిందా?"

"నా కూతురండీ!" అన్నాడు నాన్న గర్వంగా.

ఆ మాట కోసమే స్పందన పొద్దుటినుంచీ కష్టపడింది. తీరా ఇప్పుడు అది వింటుంటే ఏడుపొచ్చి తల దించుకుంది. దండ గీతల్ని కప్పుతుందేమో. తను చేసిన పనినెలా కప్పుతుంది?

ఇద్దరూ చూస్తుండగానే దుప్పటి లాగేసింది.

"నేనే పాడుచేశాను నాన్నా. చింతపండు వేసి పీచుతో రుద్దాను. నువ్వు ఆగమన్నా ఆగలేదు."

నాన్న బొటనవేలితో గీతల్ని తడిమాడు.

"ఇది నావల్ల అయ్యే పని కాదమ్మా" అన్నాడు. "విష్ణుని పిలవాల్సిందే."

"ఫోన్ నేను చేస్తాను నాన్నా. వద్దన్నది నేనే కదా."

ఫోన్‌లో విష్ణు అంకుల్ అడిగినదానికల్లా ఉన్నదున్నట్టు చెప్పింది. ఏం వేసిందీ, దేంతో రుద్దిందీ, ఎంతసేపు రుద్దిందీ.

"చింతపండా! కారుకి పులుసు పెట్టేశావేంటమ్మా?" అవతల నవ్వు వినబడింది. "నిజం చెప్పి మంచిపని చేశావ్. ఏ పాలిష్ తేవాలో తెలిసింది. ఐదింటికి వస్తా. కానీ బయట ఒక్కటే చెయ్యగలను, లోపల చేసే టైం లేదు."

"లోపల నేను చేస్తాను అంకుల్."

సాయంత్రం బయట మెషిన్ తిరుగుతుంటే, లోపల స్పందన వాక్యూమ్ పట్టుకుంది. సీట్ల కింద మరమరాలు, చిప్స్ ముక్కలు, ఎప్పటిదో కరిగిన చాక్లెట్. ఒక్కటీ వదల్లేదు. డ్యాష్‌బోర్డు తుడిచే ముందు తల బయట పెట్టి, "అంకుల్, దీనికి ఈ గుడ్డ వాడొచ్చా?" అని అడిగింది. సీట్ల దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ అడిగింది.

గీతలన్నీ మాయమయ్యాయి, మూలనున్న ఒక్కటి తప్ప. "అది లోతుగా పడింది. ఉండిపోతుంది" అన్నాడు విష్ణు అంకుల్.

మర్నాడు పొద్దున్న అమ్మ బంతిపూల దండ తెచ్చింది. "ఆ మూల కాస్త కిందికి వేలాడదీస్తే గీత కనబడదు కదూ?"

"వద్దమ్మా. మధ్యలోనే కడదాం. దండ ఎక్కడుంటే బాగుంటుందో అక్కడే" అంది స్పందన.

పట్టుచీరలో హిమజ అక్క కారెక్కి చుట్టూ చూసింది. "ఎంత నీట్‌గా ఉందో! కారంతా నువ్వే చేశావట కదే?"

గిరిజ ఆంటీతో సహా వీధంతా వింటోంది. నిన్న పొద్దుటి స్పందన అయితే అవుననేదే.

"లోపలంతా నేను చేశానక్కా. పైనంతా మెరిపించింది విష్ణు అంకుల్" అంది తలెత్తి. "ఆ మూలనున్న గీత మాత్రం నాది."

అందరూ నవ్వారు. స్పందన కూడా నవ్వింది.

నాన్న డ్రైవర్ సీట్లోంచి వంగి పక్క తలుపు తెరిచాడు. "రా, ముందు కూర్చో. గిరిజగారూ, చూశారా? నా కూతురండీ!"

ఈసారి ఆ మాటకు స్పందన తల దించుకోలేదు.