తంబూరకు సొంత గొంతు

ఆటకు వెళ్ళిన మొదటి ఆదివారమే నేను మాధవీలత రాజ్యం మీద కాలు పెట్టాను. నిజంగానే పెట్టాను. పెనుకొండ స్టేషన్లో దిగి, దారి తెలియక ఆటవాళ్ళ వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పంపి, బజారులో జిరాక్సు అంగడి పైగది పట్టుకుని ఎక్కేసరికి నేలంతా గ్రాఫ్ పేపరు పరిచి ఉంది. దాని మీద నదులు, కోటలు, ఇప్పుడు నా బురద చెప్పు.

"ఏమబ్బా, కండ్లు హిందూపురంలోనే పెట్టొచ్చినావా?" అంది మాధవీలత.

సిగ్గేస్తే నేను చేసే పని ఒకటే, ఇంకొకరి గొంతులో దూరిపోవడం. రైల్లో టీ అమ్మే మారప్ప గొంతుతో, "తప్పైపాయ తల్లీ, వేడిగా ఒక టీ తాగుతావా?" అన్నాను. ఆమె పక్కున నవ్వింది. ఆమె స్నేహితురాలు సుకన్య అయితే పొట్ట పట్టుకుంది.

ఆ నవ్వు కోసం ఏడు వారాలు ఆమెతో ఒక్క మాట కూడా నా గొంతుతో మాట్లాడలేదు. అంత వెర్రివాణ్ణి.

ఆట సంగతి చెప్పాలి. ఒక్కొక్కరం ఒక్కో పాత్ర అయిపోయి, పాచికలు వేస్తూ కథ నడిపించే ఆట. నడిపించేది మాధవీలత. వాళ్ళది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. వారమంతా గ్రాఫ్ పేపరు మీద చీర అంచులు గీస్తుంది, ఆదివారం అదే పేపరు మీద రాజ్యాలు గీస్తుంది. నేను హిందూపురంలో బైకుల షోరూంలో పనిచేస్తాను. పెనుకొండ ఇద్దరికీ మధ్యలో ఉంది.

ఎనిమిదో వారం ఆటలో నా పాత్ర చచ్చిపోయింది. కొత్తది తయారుచేయాలి.

"రూపాలు మార్చే పాటగాడు," అన్నాను మా మేనేజరు గొంతుతో. "పేరు తంబూర. ఎవురి రూపమైనా, ఎవురి గొంతైనా ఎత్తేస్తాడు."

"మన పగటివేషాలోళ్ళ మాదిరా?" అంది సుకన్య.

"వాళ్ళు సాయంత్రానికి రంగు కడుక్కుంటారు. వీడు కడుక్కోడు."

మాధవీలత పెన్ను ఆపి నా వైపు చూసింది. నా చెవులు వేడెక్కాయి.

పాత్ర వివరాలు రాసే షీటులో ఏడు గొంతులు రాశాను. మారప్ప, కింద అంగడి తిమ్మరాజు మామ, మేనేజరు, నక్క, గుడ్లగూబ, చచ్చిపోయిన రాజు. ఏడోది ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు. 'మగ్గం కాడ పాడే ముసలామె' అని రాసి, ఊరికే ఒక కూనిరాగం తీశాను.

సుకన్య నవ్వడం మానేసింది.

"అది మా అవ్వ పాట," అంది మాధవీలత మెల్లగా. "అవ్వ పోయి మూడేండ్లాయ. నువ్వు యాడ విన్నావు?"

నేను ఎక్కడా వినలేదు.

కిటికీ అవతల కొండ మీదికి మబ్బు దిగింది. ఆమె షీటు అడుగున ఇంకో గడి గీసి, 'సొంత గొంతు' అని రాసింది. "ఇది నింపు."

"తంబూరకు అది ఎందుకు?"

"కావల్ల. మగ్గంలో చీరలు అయిపోతే పాత పడుగు పోగులు మొత్తం తెంపేయరు, కొసలు వదుల్తారు. వేళ్ళకు బూడిద అద్దుకొని, కొత్త పోగులు ఒక్కోటీ ఆ పాత కొసలకే మెలేస్తారు. కొస పోగొట్టుకుంటే కొత్తది దేనికి అతికేది?"

"ఆటలో కూడా మగ్గమేనా!" అన్నాను తిమ్మరాజు మామ గొంతుతో. గడి ఖాళీగానే వదిలేశాను.

మర్నాడు పొద్దున అమ్మ దోసె ఇంకొకటి వేయాలా అని అడిగింది. చాలన్నాను. అమ్మ గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది.

"ఎవురొచ్చినారు రాయుడూ?"

మళ్ళీ నోరు తెరిచాను. మారప్ప గొంతు వచ్చింది. గొంతు సవరించుకున్నాను. మేనేజరు వచ్చాడు. మూడోసారి ముసలామె వచ్చింది. అమ్మ చేతిలో గరిటె కిందపడింది.

వారమంతా గొంతు పట్టేసిందని సైగలు చేశాను. షోరూంలో బండి ధరలు కాగితం మీద రాసి చూపించాను. తలుపేసుకుని బకెట్లో తల పెట్టి అరిచి చూశాను. ఏడుగురూ ఉన్నారు, నేను లేను. ఇదివరకు నేనెలా మాట్లాడేవాణ్ణో కూడా గుర్తు రాలేదు. మాధవీలతకు చెప్పాల్సిన మాట ఒకటుంది. దాన్ని మారప్ప గొంతుతో చెప్పనా? నిజంగా ఏడుపొచ్చింది.

ఆదివారం వాన. కరెంటు లేదు. సుకన్య పరిగిలో పెళ్ళికి పోయింది. మాధవీలత ఒక్కతే ఉంది.

"ఏంది మాట్లాడవు? కోపమా?"

కాగితం మీద రాశాను. నా గొంతు పోయింది. తంబూర ఎత్తేశాడు.

నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. షీటు తీసింది. ఖాళీగా వదిలిన గడిలో 'రాయుడు' అని ఉంది.

"నువ్వు రాసినావా?"

తల అడ్డంగా ఊపాను.

"నేనూ రాయలేదు," అంది.

మెట్ల మీద తడి చెప్పుల చప్పుడైంది. ఎవరో ఎక్కుతున్నారు. సగంలో ఆగారు.

"లతా, వస్తాండా," అంది నా గొంతు.

నేను ఆమె ఎదురుగా నోరు మూసుకుని కూర్చున్నాను.

మాధవీలత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండో చేత్తో ఫోను తీసింది. "గొంతు ఆ తంబూర కాడ ఉంటే ఉండనీ. కొస నా కాడ ఉండాది."

ఫోనులోంచి మొదటి రోజు మెసేజ్ వినిపించింది. 'నేను రాయుడు. పెనుకొండలో దిగినా. యాడికి రావల్ల?'

"దినామూ వింటా దీన్ని," అంది తల ఎత్తకుండా. "నేను ఎదురుచూస్తాండేది మారప్ప కోసరం కాదు, మొద్దూ. ఊఁ, దీని ఎనకాలే అను. ఒక్కో పోగు."

మొదట నక్క వచ్చింది. తర్వాత రాజు వచ్చాడు. ఆమె నా వేలి కొసను తన వేళ్ళ మధ్య మెలిపెడుతూనే ఉంది.

"నేను... రాయుడు."

బొంగురుగా ఉంది, కానీ నాదే. మెట్ల మీద చెప్పులు ఒక మెట్టు దిగాయి.

"పెనుకొండలో దిగినా."

ఇంకో రెండు మెట్లు.

"నువ్వంటే నాకు ప్రాణం లతా. మొదటి దినమే చెప్పల్ల అనుకున్నా. నువ్వు నవ్వితివి, నేను దాక్కుంటి."

చెప్పులు గబగబా దిగిపోయాయి. కింద అంగట్లోంచి తిమ్మరాజు మామ కేక వినిపించింది.

"ఏం రాయుడూ, ఇంత వానలో యాడికి పోతాండావు?"

మాధవీలత నా చెయ్యి వదలకుండానే కిటికీ దగ్గరికి లాక్కుపోయింది.

"యాడికీ పోలేదు మామా," అని అరిచింది. "ఈడనే ఉండాడు. నా కాడ."