పెళ్లిచూపులకో డీజిల్ కారు

"చెయ్యి తియ్యండి, గీతలు పడతాయి" అన్నాడు ముదస్సిర్.

నజ్మీన్ చెయ్యి తియ్యలేదు. బానెట్ మీద అరచెయ్యి అలాగే ఆనించి అతన్ని ఎగాదిగా చూసింది. ఇంకా కొనని కారు మీద అప్పుడే ఇంత మమకారం పెంచుకున్న మనిషిని చూస్తే ఆమెకు జాలి కలగలేదు, చిరాకేసింది.

"ఇంజన్ వేడిగా ఉంది. పొద్దున్నే స్టార్ట్ చేశారా?" అని బ్రోకర్ శ్యామ్ సుందర్‌ని అడిగింది.

"కడిగించి తెచ్చానమ్మా. మాసిన బండి చూపిస్తే కస్టమర్‌కి మర్యాదగా ఉండదుగా!"

నరసరావుపేటలో పాత కార్లు అమ్మేవాళ్లకి కస్టమర్ మీద ఇంత మర్యాద ఊరికే పుట్టదు. డీజిల్ బండికి ఏ రోగం ఉన్నా, రాత్రంతా చల్లారి, తెల్లారి మొదటిసారి తాళం తిప్పినప్పుడే బయటపడుతుంది. అందుకే అమ్మేవాడు కొనేవాడికంటే గంట ముందు లేచి, ఆ దగ్గూ పొగా అంతా ముందే కక్కించేసి, మొహం కడిగి నిలబెడతాడు. ఈ విద్యలన్నీ నజ్మీన్‌కి నాలుగేళ్లుగా తెలుసు. మేనమామ రంజాన్ డీజిల్ షెడ్డులో పంపులూ ఇంజెక్టర్లూ విప్పి బిగించేది ఆమే. పాత కారు కొనాలనుకున్న వాళ్లు ముందు ఆ షెడ్డుకి తెచ్చి చూపించుకుంటారు. రంజాన్ పేరు చెప్పుకుని వస్తారు, మేనకోడలి చేత తిట్లు తిని పోతారు.

ఈ వచ్చినవాడు వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీ సూపర్‌వైజర్. ఇస్త్రీ చొక్కా, కొత్త చెప్పులు, చేతిలో ఫోను.

"యూట్యూబ్‌లో పద్దెనిమిది వీడియోలు చూశానండి. ఈ ఇంజన్‌కి తిరుగులేదంట."

"పద్దెనిమిదా? అయితే మీరే చూసుకోండి. నేను టీ తాగొస్తా."

"అది కాదండీ..."

"కాకపోతే లోపల కూర్చుని స్టార్ట్ చెయ్యండి. ఏసీ కూడా వెయ్యండి."

ముదస్సిర్ ఏసీ వేశాడు. మరుక్షణం అతను తుమ్మాడు. పక్క సీట్లోకి తల దూర్చిన శ్యామ్ సుందర్ వరసపెట్టి ఆరు తుమ్ములు తుమ్మాడు. ముక్కుకి మాస్కు కట్టుకున్న నజ్మీన్ మాత్రం నింపాదిగా నిలబడి చూసింది.

"ఎవరి బండన్నారు ఇది?"

"డాక్టర్ గారిదమ్మా... హాచ్! ఇంటికీ ఆస్పత్రికీ తప్ప..."

"ఏ డాక్టర్ గారండీ మిరపకాయలు మోసింది? వెనక సీటు పీకి గుంటూరు యార్డుకి బస్తాలు తోలారు దీంట్లో. సీటు మళ్లీ బిగించారు గానీ, ఆ కారం బ్లోయర్లోంచి ఎట్టా పోద్ది?"

తర్వాత క్లచ్ పెడల్ చూపించింది. మీటరు డెబ్బై వేల కిలోమీటర్లంటోంది. పెడల్ రబ్బరు అరిగి ఇనుము తేలింది.

"డెబ్బై వేలకే ఇట్టా అరిగిందంటే మీ డాక్టర్ గారి కాళ్లకి గుర్రపు నాడాలు కొట్టించి ఉండాలి."

చివరగా ఇంజన్ తిరుగుతుండగానే ఆయిల్ మూత విప్పింది. అందులోంచి గుప్పుగుప్పున పొగ వచ్చింది. పిస్టన్ రింగులు అరిగాయనీ, అది తెలియకుండా చిక్కటి ఆయిల్ పోశారనీ చెప్పింది. పైన పటారం, లోన లొటారం. శ్యామ్ సుందర్‌కి ఉన్నట్టుండి అర్జెంటుగా ఫోనొచ్చింది. అది మోగలేదు గానీ అతను మాట్లాడుతూ రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

ఇంత విన్నాక ఎవరైనా దణ్ణం పెట్టి వెళ్లిపోతారు. ముదస్సిర్ వెళ్లలేదు. "ఆదివారానికి నాకు కారు కావాలండీ. ఒక్కసారి నడిపి చూద్దాం. దారిలో పడుండే రకమైతే వదిలేస్తా" అన్నాడు, బతిమాలుతున్నట్టు.

"మొండికి మందు లేదు. పద మామయ్యా" అని ఆమె ముందు సీట్లో కూర్చుంది. రంజాన్ వెనక సీట్లో చేరాడు. ఆయనకి పాత కార్లలో వెనక సీటు దొరికితే నిద్ర పట్టడానికి నాలుగు నిమిషాలు చాలు.

చిలకలూరిపేట రోడ్డెక్కారు. రెండు పక్కలా కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. మార్చి నెలలో రాకూడని మబ్బు ఒకటి పడమటి నుంచి కమ్ముకొచ్చింది. ఒక కళ్లంలో బసవమ్మ అనే ముసలామె ఒక్కతే పరదా పట్టా లాగలేక అవస్థ పడుతోంది. నజ్మీన్‌కి ఆమె ఎరుకే. కారు ఆపించి పరుగెత్తింది. వెనకే అతనూ పరుగెత్తాడు.

పట్టా కప్పడం కూడా ఒక పనేనని వేటపాలెం వాడికి ఆ పూట తెలిసింది. అతను ఒక కొస పట్టుకుంటే గాలికి రెండో కొస లేచింది. రెండోది పట్టుకుంటే మొదటిది లేచింది. ఆఖరికి ఏం చెయ్యాలో తోచక, ఇస్త్రీ చొక్కాతోనే పట్టా మీద వెల్లకిలా పడుకున్నాడు. చినుకులు మొహం మీద టపటపా పడుతున్నాయి.

"ఎవరి బిడ్డవో గాని, నా పంట మీద పడక వేశావే!" అని బసవమ్మ గోలపెట్టి, అతని చుట్టూరా రాళ్లు పెట్టుకుంటూ వచ్చింది.

నజ్మీన్ పడీపడీ నవ్వింది. తడిసిన మాస్కుతో ఊపిరాడక దాన్ని లాగేసింది. అతను పడుకున్న చోటి నుంచే ఆమెను చూశాడు, చూపు తిప్పుకోవడం మరిచిపోయాడు.

"ఏంటి చూస్తున్నారు?"

"తిట్టేటప్పుడు మొహం ఎట్టా ఉంటదో ఇందాక కనపళ్లేదు. ఇప్పుడు చూద్దామని."

"లేచి రండి. ఇంకా చాలా తిట్లున్నాయి."

కారు దగ్గరికి వచ్చేసరికి అది మొరాయించింది. తాళం తిప్పితే ఇంజన్ తిరుగుతోంది గాని అందుకోవడం లేదు. లోపల ఇంజెక్టర్లు కారిపోతున్నాయని, వేడి మీద ఉన్నంతసేపు ప్రెషర్ నిలవదని, చల్లారేదాకా అరగంట కూర్చోవాల్సిందేనని ఆమె తేల్చింది. వెనక సీట్లో రంజాన్ హాయిగా గురకపెడుతున్నాడు. బయట వాన.

"ఇంతకీ రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు మీరు?"

"ఇంటి నుంచి ఫ్యాక్టరీ రెండు. రానూపోనూ నాలుగు."

"నాలుగు కిలోమీటర్లకి డీజిల్ కారా! ఇంజన్ వేడెక్కకముందే ఆపేస్తారు, మసి పట్టి చస్తది. రోజూ ఏ యాభై కిలోమీటర్లో తిరిగేవాడికి గాని డీజిల్ గిట్టదు. మీకు సైకిల్ చాలు."

అతను స్టీరింగు మీద వేళ్లాడించాడు. "నాకూ అక్కర్లేదండీ. పెళ్లిళ్ల పేరమ్మ ఉందిగా, రహమతున్నీసా అని, ఆవిడ అమ్మాయి వాళ్లకి మాకు కారుందని చెప్పేసింది. డీజిల్ కారు, తెల్లదని కూడా చెప్పింది. ఆదివారం పెళ్లిచూపులు. కారు లేకుండా దిగితే పరువు పోద్ది అంటోంది."

"ఏ ఊరు?"

"పిడుగురాళ్ల. అమ్మాయి పేరు నజ్మీన్ అంట. బీకామ్ చదివింది, గడప దాటి ఎరగదు, వంట తప్ప మరో లోకం లేదు అన్నారు. ఫోటో చూశా గానీ, స్టూడియో వాడు సున్నం వేసినట్టు చేశాడు. ముక్కు ఒకటుందని మాత్రం తెలిసింది."

వెనక సీట్లో గురక ఆగింది.

ఆ పిడుగురాళ్ల నజ్మీన్ తనే. ఆదివారం ఎవరో వస్తున్నారని తెలుసు గానీ, పేరూ ఊరూ ఆమె అడగలేదు. షెడ్డులో అందరూ ఆమెను పాప అనే పిలుస్తారు కాబట్టి ఇతనికి తెలిసే దారి లేదు. కానీ ఆమెకు ఒళ్లు మండిపోయింది. అంతకుముందు రెండు సంబంధాలు తప్పిపోయాయి. "మెకానిక్ పిల్లా? మా ఇంట్లో ఏం విప్పుద్ది?" అన్నారు ఒకరు. అందుకే ఈసారి అమ్మానాన్నల దగ్గర ఒకే ఒక్క మాట తీసుకుంది, తన పని సంగతీ, పెళ్లయినా మాననన్న సంగతీ ముందే చెప్పి పిలవమని. సరేనన్నారు. ఇదీ వాళ్లు చెప్పిన తీరు.

ఆ కోపమంతా అతని మీదికి మళ్లింది. "కారుందని అబద్ధమాడి వచ్చేవాణ్ని ఏ అమ్మాయీ చేసుకోకూడదు" అంది.

"నిజమే. అబద్ధం నేను ఆడకపోయినా, ఆపలేదుగా" అన్నాడతను. "మరి ఆ అమ్మాయి గురించి చెప్పినవన్నీ నిజాలేనంటారా?" అన్నాడు.

ఆమె కిటికీ వైపు తిరిగింది. నేనే ఆ అమ్మాయినని అప్పుడే చెప్పేయొచ్చు. చెప్పలేదు. ఆదివారం కారుతో వస్తాడో, కారు లేకుండా వస్తాడో చూద్దామని తనకు తాను సర్దిచెప్పుకుంది. అసలు సంగతి అది కాదు, భయం. ఇతను నచ్చాడు. తెలిశాక ఇతను కూడా ఆ ఇద్దరిలాగే మొహం చిట్లిస్తే తట్టుకోలేనని భయం.

వాన తగ్గాక కారు స్టార్టయింది. షెడ్డు దగ్గర దిగుతూ, "కొనొద్దు. పిడుగురాళ్లకి బస్సుంది" అని మాత్రం చెప్పి లోపలికి వెళ్లిపోయింది. రంజాన్ ఆమె వెనకే వచ్చి, "ఏం పాపా?" అన్నాడు. "ఏం లేదు, పడుకో మామయ్యా" అంది.

ఆదివారం పిడుగురాళ్లలో నజ్మీన్ తండ్రి మాబు ఇల్లు పొద్దున్నుంచే హడావిడి పడింది. సున్నం బట్టీలో కాటా దగ్గర పనిచేసే మాబు గుమ్మం ముందు దుమ్ము మూడుసార్లు కడిగించాడు. తల్లి, నజ్మీన్ గోళ్లను నిమ్మచెక్కతో రుద్దీ రుద్దీ అలిసిపోయింది. నాలుగేళ్ల నలుపు నిమ్మచెక్కకు లొంగుతుందా?

"చేతులు కొంగులో దాచుకో. మొన్న నీకిచ్చిన మాట తప్పానని తిట్టుకో, తర్వాత. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు" అంది.

"నూట ఒకటోది నేనాడాలా?" అంది నజ్మీన్.

పదకొండింటికి వీధిలో ఆటో ఆగింది. వంటింటి కిటికీలోంచి నజ్మీన్ తొంగి చూసింది. కారు లేదు.

"కారు సర్వీసింగుకిచ్చారండీ, అందుకే బస్సు దిగి ఆటోలో..." అంటూ రహమతున్నీసా ముందు అడుగుపెట్టింది. ఆవిడ నోట్లో అబద్ధం పుట్టడానికి ఆలోచన అనే ఆలస్యం ఉండదు.

"సర్వీసింగ్ లేదు, ఏం లేదండీ" అన్న ముదస్సిర్ గొంతు లోపలికి వినపడింది. "మాకు కారు లేదు. ఎప్పుడూ లేదు. మంగళవారం కొనబోతే ఒక మెకానిక్ గారు తిట్టి ఆపారు. మీకు ఇంకో మాట కూడా చెప్పాలి..."

ఆ ఇంకో మాట పూర్తికాలేదు. నజ్మీన్ టీ పళ్లెంతో వచ్చింది, తల వంచుకోలేదు. అతను చూశాడు. పట్టుచీర, పూలు, పౌడరు. ఆ తర్వాత కళ్లు. మంగళవారం తనని తిట్టిన కళ్లే.

"ఆ మెకానిక్‌ని నేనే" అంది పళ్లెం బల్ల మీద పెట్టి. "నేను ఇంట్లో కూర్చునేదాన్ని కాదండీ. నాలుగేళ్లుగా నరసరావుపేటలో మా మామయ్య షెడ్డులో పని చేస్తున్నా. పెళ్లయినా చేస్తా."

"నజ్మీన్!" అన్నాడు మాబు.

"ఆయన కారు లేదని చెప్పాక కూడా నేను నోరు మూసుకుని టీ ఇస్తే సిగ్గుచేటు నాన్నా."

"సరదాకి వెళ్తుందిలెండి, మేనమామ ఇల్లు కదా" అని రహమతున్నీసా అతుకు వెయ్యబోయింది.

"సరదాకి నాలుగేళ్లు డీజిల్ కంపు ఎవరూ భరించరు పిన్నీ."

ముదస్సిర్‌తో వచ్చిన అతని తల్లి జమీలా కుర్చీలోంచి ముందుకు వంగింది. మనిషీ గట్టిది, గొంతూ గట్టిదే. "ఇట్రా అమ్మాయ్" అంది. నజ్మీన్ వెళ్లి పక్కన కూర్చుంది. జమీలా ఆమె చెయ్యి పట్టుకుని వెలుగులోకి తిప్పి, ఒక్కో గోరూ చూసింది. మాబు కళ్లు మూసుకున్నాడు.

జమీలా తన చేతులు కొంగులోంచి తీసి ఆ చేతి పక్కన పెట్టింది. వేళ్ల కొసలన్నీ కమిలి నల్లగా ఉన్నాయి.

"ఇరవై రెండేళ్లు జీడిగింజలు కొట్టాను. ఆ పెంకులోని జీడి రసం అంటితే ఇంతే, చర్మమే మాడిపోద్ది. వీడి చదువు ఈ నలుపులోంచే వచ్చింది. నన్ను చూసుకోడానికి వచ్చినప్పుడు మా అమ్మ కూడా చేతులు దాచుకోమంది." ఆవిడ రహమతున్నీసా వైపు చూసింది. "దాచాల్సినవి ఇయ్యా? నీ నాలుక దాచుకో ముందు."

మాబు భుజం మీద తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. కూతురి పని గురించి చెప్పడానికి ఇన్నాళ్లూ సిగ్గుపడ్డందుకు ఇప్పుడు సిగ్గేసింది ఆయనకి.

నజ్మీన్ ముదస్సిర్ వైపు తిరిగింది. "ఇంకో మాటేదో చెప్పబోయారు?"

అతను తల గోక్కున్నాడు. "ఈ సంబంధం నాకు వద్దని చెబుదామని వచ్చానండీ."

గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు, జమీలా తప్ప. ఆవిడకి బస్సులో మూడు గంటలు ఇదే సోది.

"ఎందుకు?" అంది నజ్మీన్, వెటకారం తెచ్చిపెట్టుకుని.

"నరసరావుపేటలో ఒక మెకానిక్ అమ్మాయి నచ్చింది. పేరు కూడా అడగలేదు. నేనంటే ఆ అమ్మాయికి పూచికపుల్లతో సమానం. అయినా సరే, ఆ అమ్మాయిని మనసులో పెట్టుకుని ఇక్కడ టీ తాగడం తప్పనిపించింది."

నజ్మీన్ టీ కప్పు తీసి అతని చేతికి ఇచ్చింది. చేతులు కొంగులో దాచుకోలేదు.

"అయితే వెళ్లి ఆ అమ్మాయినే చేసుకోండి" అంది.