ఆరో రౌండ్ తర్వాత అరవై సెకన్లు

ల్యాబ్ కెమిస్ట్ లిఫ్టులో చనిపోయాడు. పట్టపగలు, పదకొండు గంటలకి. మూడో అంతస్తులో నిలబడి ఎక్కినవాడు, కింద తలుపు తెరుచుకునేసరికి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్లో టిఫిన్ బాక్సు ఒలకలేదు. మెడ మీద దోమ కుట్టినంత చుక్క.

"గుండెపోటు" అని పోలీసులు రాసుకున్నారు.

"సూది" అన్నాడు పెద్దాయన.

పెద్దాయన ఆఫీసు ఒక కళ్లజోళ్ల షాపు వెనక గది. గోడకి అక్షరాల చార్టు వేలాడుతుంది. అందులో కింది మూడు వరుసలు తనకి కనిపించడం మానేసి రెండేళ్లయిందని ఎదురుగా కూర్చున్న ఏజెంట్ డిపార్ట్‌మెంట్‌కి చెప్పలేదు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని గుమాస్తా అంటారు. ముఖం అలాంటిది. ఎదుటి కుర్చీలో గంటసేపు కూర్చుని లేచి వెళ్లినా ఎవరికీ గుర్తుండదు. ముప్పై ఏళ్లుగా అన్నం పెట్టింది ఆ ముఖమే. రిటైర్మెంట్‌కి ఇంకా నాలుగు నెలలుంది.

"మోకాలెలా ఉంది?"

"ఉంది సార్."

"బాక్సింగ్ చూస్తున్నావా?"

"ఐదు నెలల్నించి మీరే కదా చూడమన్నారు."

"అయితే విను. సరుకు పేరు సెవెన్. ఓ విదేశీ సిండికేట్ తయారుచేసింది. ఒంట్లోకి వెళ్లిన ముప్పై సెకన్లకి నొప్పి తెలీదు. కాలు విరిగినా మనిషి నిలబడే ఉంటాడు. నలభై నిమిషాల్లో మాయం. యూరిన్ టెస్టులో దొరకదు, బ్లడ్ టెస్టులో దొరకదు. మన కెమిస్ట్‌కి ఏదో పాత శాంపిల్‌లో దాని నీడ కనిపించింది. నాకు ఫోన్ చేశాడు. మర్నాడు లిఫ్ట్ ఎక్కాడు."

"కొనేదెవరు?"

"సైన్యాల్ని అద్దెకిచ్చేవాళ్లు. కొనేముందు కళ్లారా చూస్తామంటున్నారు. డెమో కావాలట."

"ఎవరి మీద?"

పెద్దాయన ఒక ఫోటో ముందుకి జరిపాడు. వంకర ముక్కు, నలిగిన చెవులు, నలభై ఒక్క ఏళ్లు. అభిమానులు అతన్ని ఉడుం అంటారు. ఒకసారి ఎదుటివాణ్ణి వాటేసుకున్నాడంటే రిఫరీ వచ్చి విడదీయాల్సిందే. మూడేళ్ల కిందట నాకౌటై స్ట్రెచర్ మీద వెళ్లి, చేతులు జోడించి రిటైరయ్యాడు. ఇప్పుడు మళ్లీ దిగుతున్నాడు. ఈ ఆదివారమే, పది రౌండ్లు.

"మెదడులో పాత గాయం ఉంది" అన్నాడు పెద్దాయన. "లైసెన్స్ కోసం ఇచ్చిన స్కాన్ ఇతనిది కాదు, సిండికేట్ మార్చేసింది. మామూలుగా అయితే దెబ్బలకి తల తిరుగుతుంది, పడిపోతాడు, రిఫరీ ఆపేస్తాడు, బతికి బయటపడతాడు. సెవెన్ ఎక్కితే పడడు. ఆ పడకపోవడమే డెమో."

"అంటే పోయేదాకా నిలబడే ఉంటాడు."

"ఊఁ."

"ఫైట్ రద్దు చేయించండి."

"చేయిస్తే ఇంకో దేశం పోయి ఇంకో ముసలి బాక్సర్ని వెతుక్కుంటారు. సరుకు మన చేతికి చిక్కాలి. చిక్కేదాకా ఫైట్ నడవాలి."

ఒకవైపు ఒక మనిషి, ఇంకోవైపు వేలమంది. పెద్దాయన ఇలాంటి తక్కెడ ఎన్నిసార్లు ఎత్తి చూపించాడో గుమాస్తాకి గుర్తే. ప్రతిసారీ ఆ ఒక్క మనిషి ఉన్న తట్టే తేలిపోయేది. తూచింది పెద్దాయన. దించి పాతిపెట్టి వచ్చింది తను.

"చిక్కిన క్షణంలో ఆపేస్తాను సార్. ఆ మాట ఇప్పుడే ఇవ్వండి."

"చిక్కాక నీ ఇష్టం."

గుమాస్తా ఐదు నెలలు చేసిన పని ఏమిటంటే, బాక్సింగ్ వీడియోల కింద అభిమానులు రాసే కామెంట్లు చదవడం. రోజుకి ఆరేడు వందలు. 'మావాడు తిరిగొచ్చాడ్రా, కాసుకోండి.' 'డ్రగ్ టెస్టులు చేతగాని వెధవల ఏడుపు.' 'తలకి దెబ్బ తగుల్తుందని భయమైతే క్యారమ్స్ ఆడుకోమను.' కుర్చీలో కూర్చున్నవాడికి ఎదుటివాడి తలకాయ ఎంత చవకో అతనికి ఆ ఐదు నెలల్లో తెలిసొచ్చింది. కొనుగోలుదార్లకి కబురు ఈ కామెంట్లలోంచే వెళ్తోందని పెద్దాయన అనుమానం. కానీ ఆ చెత్తకుప్పలో కబురు ఏది, కడుపుమంట ఏది?

ఆ మంగళవారం కబురు దొరికింది. 'ఎంత తిన్నా మా ఉడుం పన్నెండో రౌండ్ దాకా నిలబడే ఉంటాడు, దగ్గర్నించి చూడాలనుకునేవాళ్లు వచ్చేయండి.' కింద మూడొందల జవాబులు. ఎవరికీ పట్టలేదు. ఫైట్ పది రౌండ్లే. అభిమాని తన పెళ్లిరోజైనా మర్చిపోతాడు గానీ రౌండ్ల సంఖ్య మర్చిపోడు. ఆ రాసినవాడు జీవితంలో ఒక్క ఫైటూ చూసి ఎరగడు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి గుమాస్తా హాలు వెనక కారిడార్లో నిలబడ్డాడు. మెడలో డోపింగ్ కంట్రోల్ ఆఫీసర్ కార్డు, భుజాన శాంపిల్ కిట్ల సంచీ, చెవిలో శనగగింజంత ఇయర్‌పీస్. ఫైట్ పదకొండింటికి. ఎక్కడో దూరదేశంలో టీవీ చూసేవాళ్లకి అనుకూలమని పెట్టిన వేళ.

ఆమె ఎదురొచ్చింది. పొడవాటి మనిషి, నల్ల సిల్కు చొక్కా, ముడిచిన జుట్టు, ఆ ఇరుకు కారిడార్లో అందరూ గోడకి ఒత్తుకుని దారిచ్చేంత అందం. రౌండ్ల మధ్య బాక్సర్ ముఖం మీద నెత్తురు ఆపడం ఆమె వృత్తి. అందరూ దూది మేడమ్ అంటారు. రెండేళ్లుగా పెద్దాయనకి సిండికేట్ లోపలి సంగతులు చేరవేస్తున్నది ఈమే.

"ఇక్కడ నీళ్లు ఉప్పగా ఉంటాయంటగా?" అన్నాడు గుమాస్తా.

"అలవాటైతే తియ్యగానే ఉంటాయి" అంది. సంకేతం సరిపోయింది. గొంతు తగ్గించింది. "నీలం మూత బాటిల్. నాలుగో రౌండ్ తర్వాత తాగిస్తారు. నా సంగతి బయటపడనివ్వకండి."

"అలాగే."

"మీరు అలిసిపోయినట్టున్నారు."

"పుట్టుకతో ఇంతే మేడమ్."

డ్రెస్సింగ్ రూమ్‌లో ఉడుం బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. వాళ్లక్క అతని చేతులకి గుడ్డ చుడుతోంది. యాభై దాటిన మనిషి. తమ్ముడికి గ్లోవ్స్ తొడగడం నేర్పింది ఆమే, రింగులో అతని మూల నిలబడేదీ ఆమే. భుజం మీద తెల్ల తువ్వాలు, రింగులోకి విసిరితే ఫైట్ ఆగిపోయేది.

"వీడికి బుద్ధి చెప్పండి సార్" అంది, ముఖం చూడకుండానే. "మీది గవర్నమెంటు కార్డు కదా, మీ మాటైనా వింటాడేమో."

"మొదలెట్టింది" అన్నాడు ఉడుం. "ఏం బాబాయ్, నేను ముసలాణ్ణా?"

"నాకంటే కాదు."

"విన్నావా అక్కా?"

"ఆయన రింగులోకి దిగట్లేదు కదరా! మూడేళ్లు ఇంట్లో కూర్చున్నావు, ఏం తక్కువైంది?"

ఉడుం చేతి గుడ్డ వంక చూసుకున్నాడు. "పొద్దున లేస్తే ఎక్కడికీ వెళ్లక్కర్లేదే అక్కా. అదే తక్కువైంది."

గుమాస్తా గొంతు సవరించుకుని రూల్ ప్రకారం నీళ్ల బాటిళ్లు చూడాలన్నాడు. నీలం మూతది తీసి సంచీలో వేశాడు, అలాంటిదే ఇంకోటి పెట్టాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ సంగతే అతనికి నచ్చలేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో అతనికి తేలిగ్గా దొరికింది జలుబు ఒక్కటే. బాటిల్ వెనకద్వారం దగ్గర చేతులు మారి పరీక్షకి వెళ్లింది.

మొదటి మూడు రౌండ్లూ ఉడుం బాగానే నెట్టుకొచ్చాడు. హాలు పేరు పెట్టి అరిచింది. నాలుగులో కాళ్లు బరువెక్కాయి. ఐదులో ఎదుటి కుర్రాడి కుడిచెయ్యి మూడుసార్లు కణతకి తగిలింది. ఐదో రౌండ్ అయ్యాక తన మూలకి రావడానికి బదులు ఎదుటి మూలవైపు రెండడుగులు వేసి, నవ్వుతూ వెనక్కి తిరిగాడు. జనం కూడా నవ్వారు. అక్క నవ్వలేదు. రెండో వరసలో బూడిదరంగు కోటు వేసుకున్న ఒక విదేశీయుడు మాత్రం చేతి గడియారం చూసుకున్నాడు.

ఇయర్‌పీస్‌లో పెద్దాయన గొంతు. "బాటిల్ రిపోర్ట్ వచ్చింది."

"చెప్పండి."

"మంచినీళ్లు."

అంటే దూది మేడమ్ రెండేళ్లుగా పని చేస్తున్నది సిండికేట్‌కే. మరి సరుకెక్కడ?

ఆరో రౌండ్ చివర్లో ఉడుం కనుబొమ్మ చిట్లింది. ముఖం సగం ఎర్రబడింది. గంట మోగింది. మేడమ్ స్టూలు పక్కకి ఎక్కింది. విశ్రాంతి అరవై సెకన్లు.

ఆ వృత్తిలోవాళ్లు దూది చుట్టిన పుల్లలు పళ్ల మధ్య పట్టుకుంటారు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా. కూడదని రూలుంది, ఎవరూ పట్టించుకోరు. ఆమె పాత వీడియోలన్నీ గుమాస్తా చూశాడు. ప్రతిదాంట్లోనూ నోట్లో పుల్లలే. ఇప్పుడూ రెండున్నాయి. ఒకటి తీసి గాయం తుడిచింది. రెండోది తీసి నొక్కిపెట్టింది. తర్వాత ఆమె చెయ్యి వెనక్కి, జడముడిలోకి వెళ్లింది. అక్కడ మూడో పుల్ల ఉంది.

మూడోది నోట్లో ఎందుకు లేదు?

పెట్టుకునే వీల్లేదు కాబట్టి. పెట్టుకుంటే ముందు ఆమెకే ఎక్కుతుంది. తాగించాల్సిన పని లేదు. చిట్లిన చర్మం చాలు.

"జడలో పుల్ల" అన్నాడు గుమాస్తా, లేస్తూ.

"చూశా. ఆగు" అన్నాడు పెద్దాయన. "వాడనివ్వు. వాడాక పట్టుకుంటే కేసు గట్టిగా నిలబడుతుంది."

"చిక్కాక నా ఇష్టమన్నారు."

"ఇది ఆర్డర్."

గుమాస్తా ఇయర్‌పీస్ తీసి జేబులో వేసుకున్నాడు. రింగు మెట్లు నాలుగు. మోకాలు నాలుగుసార్లు తిట్టింది. పుల్ల గాయానికి బెత్తెడు దూరంలో ఉండగా ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఇదేంటి ఆఫీసర్?" మేడమ్ నవ్వింది. "టైమ్ పోతోంది."

"ఆ పుల్ల ఒక్కసారి పళ్ల మధ్య పెట్టుకోండి."

"నోట్లో పెట్టుకోకూడదని రూల్."

"ఇందాక రెండు పెట్టుకున్నారు."

అక్క తలెత్తింది. ఒకసారి పుల్లని చూసింది, ఒకసారి ఆమె ముఖం చూసింది. ఇరవై ఏళ్లు మూలల్లో నిలబడ్డ మనిషికి ఇంకేం చెప్పక్కర్లేదు.

"పెట్టుకోవే" అంది.

మేడమ్ పెదాలు బిగుసుకున్నాయి. చెయ్యి తిప్పి పుల్లని నీళ్ల బక్కెట్ వైపు విసరబోయింది. గుమాస్తా వదల్లేదు. రెండో చేత్తో సంచీలోంచి శాంపిల్ సీసా తీసి, పుల్లని అందులోకి తోసి మూత తిప్పాడు. టిక్, టిక్, టిక్. ఆ మూత ఒకసారి పడితే పగలగొడితే తప్ప రాదు. ఇన్నేళ్లలో డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పెన్ను కెమెరాలు, గుండీ మైకులు అన్నీ కలిపినా ఈ సీసా అంత పనికిరాలేదు.

"పది సెకన్లు!" రిఫరీ అరిచాడు.

"జరగండి బాబాయ్" ఉడుం లేచి నిలబడ్డాడు. "నేను బానే ఉన్నా. అక్కా, మూతిగార్డు ఇవ్వు."

గుమాస్తా అతని ముఖంలో ముఖం పెట్టి అడిగాడు. "ఇప్పుడు మొదలయ్యేది ఎన్నో రౌండ్?"

"మూడోది."

అక్క చేతిలో మూతిగార్డు ఆగిపోయింది. హాలంతా కాళ్లతో నేల దద్దరిల్లిస్తోంది.

"మళ్లీ చెప్పరా నాన్నా."

"మూడోది కదే. ఏంటలా చూస్తావ్?"

గంట మోగించడానికి ఎత్తిన చెయ్యి ఇంకా దిగలేదు. అక్క భుజం మీది తువ్వాలు తీసి రింగు మధ్యకి విసిరింది.

తర్వాత జరిగింది గోల. ప్లాస్టిక్ గ్లాసులు ఎగిరాయి. ఉడుం అక్క మీద అరిచాడు, గుమాస్తా చొక్కా పట్టుకున్నాడు, రెండడుగులు వేసి ఆ చొక్కా మీదే వాలిపోయాడు. బూడిదరంగు కోటు తలుపు దగ్గరికి చేరేసరికి అక్కడ కళ్లజోళ్ల షాపు సేల్స్‌మన్లు ఇద్దరు నిలబడి ఉన్నారు, చేతులు జేబుల్లో పెట్టుకుని. మేడమ్ పారిపోలేదు. జుట్టు సవరించుకుని చేతులు ముందుకి చాపింది.

"మా పెద్దాయన నిన్ను రెండేళ్లు నమ్మాడు" అన్నాడు గుమాస్తా.

"ఇందాక చెవిలో ఏమన్నాడో తెలీదు గానీ, మీ ముఖం చూశాను" అందామె. "ఆయనకీ మావాళ్లకీ పెద్ద తేడా లేదు. మీకు మాత్రం వేరే ఉద్యోగం దొరకాల్సింది."

ఆసుపత్రి కారిడార్లో ఫోన్ మోగింది.

"ఇయర్‌పీస్ ఎందుకు తీశావ్?"

"బ్యాటరీ అయిపోయింది సార్."

"దాని బ్యాటరీ రెండేళ్లొస్తుంది."

"నాది రాలేదు సార్."

"పుల్లలో సరుకు చాలినంత ఉందట" అని పెద్దాయన పెట్టేశాడు. అంటే మెచ్చుకున్నట్టే.

స్కాన్ చూసిన డాక్టర్ బయటికొచ్చి, మెదడులో సన్నగా నెత్తురు ఊరుతోందనీ, మందులతోనే ఆగేలా ఉందనీ చెప్పింది. ఇంకో రెండు రౌండ్లయ్యుంటే తనని పిలవాల్సిన అవసరమే ఉండేది కాదంది. అక్క బెంచీ మీద కూర్చుని, ఖాళీ భుజాన్ని రెండో చేత్తో నిమురుకుంటూ ఉండిపోయింది.

సాయంత్రం నాలుగింటికి వార్డులోకి వెళ్లడానికి అనుమతి దొరికింది. ఉడుం కళ్లు తెరిచే ఉన్నాడు.

"బాబాయ్, నిజం చెప్పు. గెలిచేవాణ్ణా?"

అబద్ధం చెప్పడం గుమాస్తాకి ముప్పై ఏళ్ల వృత్తి. ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"లేదు. జడ్జీల కార్డుల మీద నాలుగు పాయింట్లు వెనకున్నావు."

ఉడుం పైకప్పు వైపు చూశాడు. "అంత తేడానా" అని, "నువ్వింకా ఇక్కడెందుకు నిలబడ్డావ్?" అన్నాడు.

గుమాస్తా మొహమాటంగా సంచీలోంచి ప్లాస్టిక్ కప్పు తీశాడు. కేసు ఏదైనా కార్డు మీద రాసున్న ఉద్యోగం అదే. ఫైట్ తర్వాతి యూరిన్ శాంపిల్ లేకపోతే ఫైలు మూయరు. నీళ్లు రెండు బాటిళ్లు పట్టాయి, గంటన్నర పట్టింది, గోడ పట్టుకుని ఉడుం, అతన్ని పట్టుకుని గుమాస్తా, మొత్తానికి తొంభై మిల్లీలీటర్లు పూర్తయ్యాయి.

ఫారం చివర్లో క్రీడాకారుడి అభిప్రాయానికి రెండు గీతలు వదులుతారు. ఉడుం పెన్ను అడిగి తీసుకుని, నాలుక బయటపెట్టి, మెల్లగా రాశాడు: 'ఈ ఆఫీసర్ అవసరానికి మించి దగ్గరగా నిలబడ్డాడు.'

గుమాస్తా కళ్లజోడు పైకి తోసుకుని రెండుసార్లు చదివి, కింద 'వాస్తవమే' అని సంతకం పెట్టాడు.