పట్టపగలు వేసిన కర్టెన్లు

మనుషులు తలకిందులుగా స్కేటింగ్ చేస్తుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. యెల్మర్‌కీ వచ్చింది. చేతిలోని సూప్ స్పూను కిందపెట్టి మరీ నవ్వాడు.

చిక్కేమిటంటే, ఆ మనుషులు ఎదురింటి గోడ మీద ఉన్నారు. ఆ గోడ ముందు నిచ్చెన మీద స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇమ్కే ఉంది. సరిగ్గా అప్పుడే ఆమె కిటికీ వైపు తిరిగింది.

మా వీధిలో ఎవరింట్లో ఏం వండారో అడగక్కర్లేదు, నడిచి వెళ్తే చాలు. గోడంత కిటికీలు, కర్టెన్లు ఉన్నా ఎవరూ మూయరు. దాచుకునేది లేనివాళ్ళకు తెరలెందుకని మా పెద్దవాళ్ళ మాట. నాది యెల్మర్ పక్కిల్లు. కిటికీలో జిరేనియం మొక్కలకు నీళ్ళు పోస్తుంటే ఇదంతా నా కళ్ళబడింది. తొంగిచూశాననుకునేరు, నాకా అలవాటు లేదు.

బయట వాన. ఇమ్కే కోటు కూడా వేసుకోకుండా వీధి దాటొచ్చి యెల్మర్ తలుపు దబదబా బాదింది.

"ఎందుకు నవ్వారు?"

"నేనా? నవ్వలేదే."

"పళ్ళన్నీ కనిపించాయి. లెక్కపెట్టమన్నా పెడతాను."

"సారీ. అదీ... ప్రొజెక్టర్‌ని సీలింగ్‌కి బోర్లించి బిగించారు కదా."

"అలాగే బిగించమని పెట్టె మీద బొమ్మ వేసిచ్చారు!"

"బిగించడం కరెక్టే. కానీ ఆ సంగతి దానికీ చెప్పాలి. మెనూలో సీలింగ్ అని ఉంటుంది, అది నొక్కాలి. లేకపోతే ఇంకా బల్ల మీదే కూర్చున్నాననుకుంటుంది పాపం."

ఇమ్కే జుట్టులోంచి నీళ్ళు ముక్కు మీదికి కారుతున్నాయి.

"అక్కడ కూర్చుని నవ్వే బదులు, వచ్చి చెప్పొచ్చుగా?"

"పిలవని పేరంటానికి ఎలా వస్తానండీ?"

"ఇప్పుడు పిలుస్తున్నాను. నిచ్చెన కూడా తెచ్చుకోండి, మాది ఊగుతోంది."

యెల్మర్ మా వీధికి వచ్చి అప్పటికి కొన్ని నెలలు. పడవల్లో కరెంటు వైరింగు చేస్తాడు. వచ్చినప్పటి నుంచీ ఇమ్కేతో ఒక్క మాట మాట్లాడింది లేదు. కానీ సాయంత్రం ఆరింటికి ఇటు తన బల్ల దగ్గర యెల్మర్, అటు తన బల్ల దగ్గర ఇమ్కే కూర్చుని భోంచేసేవాళ్ళు. ఒకరోజు ఇమ్కే కాఫీ కప్పు కాస్త పైకెత్తింది. యెల్మర్ తనదీ ఎత్తాడు. అది అలవాటయింది. పడవ అడుగున తుప్పు నీళ్ళలో పడుకుని తీగలు కలిపేటప్పుడు కూడా అతనికి ఆ కప్పే గుర్తొచ్చేది. ప్రేమించాడు, అంతే. చెప్పడం మాత్రం చేతకాలేదు. నెదర్లాండ్స్ ఉత్తరాన మా ఫ్రీస్లాండ్ మగవాళ్ళకు నోట మాట పెగలడం, కాలవ నిండా గడ్డకట్టడం, ఈ రెండూ ఏ ఏడో గానీ జరగవు.

ఇక ఇమ్కే నాన్న హెస్సెల్ గురించి చెప్పాలి. మా ఊరి స్కేటింగ్ క్లబ్బుకు మంచు కాపలాదారు ఆయన. చలికాలం పచ్చిక మైదానంలో నీళ్ళు పారించి, గడ్డకట్టాక ఊడ్చి, పిల్లల్ని దింపేవాడు. మా ఊళ్ళో ఆయన మంచు మీద పడని పిల్లలు లేరు. ఇప్పుడు చూపు మసకబారింది. టీవీలో మొహాలు ఆనవు. బొమ్మ ఎంత పెద్దదైతే అంత మంచిదని డాక్టర్ చెప్పాడు. పైగా, పడకుండా వంటింటి కుర్చీ తోసుకుంటూ ఆయన మంచు మీద స్కేటింగ్ నేర్చిన మా ఊరి నింకె, వచ్చే ఆదివారం మొదటిసారి జాతీయ పోటీల్లో దిగుతోంది. అది చూడాలని హెస్సెల్ ప్రాణం కొట్టుకుంటోంది. అందుకే ఇమ్కే పాత ప్రొజెక్టర్ ఒకటి కొనుక్కొచ్చింది.

ఆ సాయంత్రం యెల్మర్ వెళ్ళి బొమ్మను నిటారుగా నిలబెట్టాడు. కింద వెడల్పుగా, పైన సన్నగా గౌను వేసుకున్నట్టున్న దాన్ని నలుచదరంగా సరిచేశాడు. టీవీ పెట్టె నుంచి దూలం వెంట పొడుగు కేబుల్ లాగాడు. అటక మీది పాత స్పీకర్లు దింపి తగిలించాడు. శబ్దం గణగణ మోగింది. బొమ్మ మాత్రం వెలిసిపోయిన చీరలా ఉంది.

"ఇలా పాలిపోయిందేమిటి?" అంది ఇమ్కే.

యెల్మర్ ఆ గోడంత కిటికీ వైపు చూశాడు. గుమ్మం ముందు వీధి దీపం వెలుతురంతా నేరుగా వచ్చి గోడ మీద పడుతోంది. పగలైతే ఎండ పడుతుంది. కిటికీకి రెండు పక్కలా దళసరి ఆకుపచ్చ కర్టెన్లు వేలాడుతున్నాయి. వాటిని ఒక్కసారి లాగితే పనైపోతుంది.

లాగితే ఇంకేముంది? హెస్సెల్ టీవీ పెట్టాడంటే నిద్రొచ్చేదాకా కట్టేయడు. రోజంతా కర్టెనే. ఆరింటికి బల్లా ఉండదు, కప్పూ ఉండదు, ఇమ్కే ఉండదు.

"సెట్టింగుల్లో ఏదో తేడా ఉంది. రేపొచ్చి చూస్తాను" అన్నాడు యెల్మర్.

మర్నాడు కేబుల్ మార్చాడు. ఆ మర్నాడు బల్బు తుడిచాడు. తర్వాత గోడ రంగు వల్లే అన్నాడు. ఇమ్కే తెల్ల రంగు డబ్బా తెచ్చి రెండు కోట్లు వేసింది.

"ఇప్పుడెలా ఉంది అంకుల్?" అని అడిగాడు యెల్మర్.

"పాలగ్లాసులో చేప ఈదుతున్నట్టుంది" అన్నాడు హెస్సెల్. "చేప ఉందని తెలుస్తోంది, ఎటు పోతోందో తెలియడం లేదు."

"ఏమండీ మెకానిక్ గారూ, మీరు పడవలు కూడా ఇలాగే బాగుచేస్తారా?" అంది ఇమ్కే.

"పడవలు నన్నిలా కోపంగా చూడవు. అందుకే తొందరగా బాగవుతాయి."

"చూడకుండా ఉండమంటారా?"

"అబ్బే, అలవాటు మానడం ఎందుకు? చూడండి."

మా దగ్గర కాఫీతో ఒక బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేస్తారు. రెండోది అడిగే మొహం ఎవరికీ ఉండదు. యెల్మర్ వచ్చినప్పుడు మాత్రం ఆ ఇంట్లో డబ్బాకు మూత పడలేదు. ఇంతకంటే పెద్ద ప్రేమలేఖ మా వీధిలో ఎవరూ రాసి ఎరగరు.

ఆదివారం వచ్చింది. వాన వెలిసి, మధ్యాహ్నం నుంచే ఎండ ఏటవాలుగా ఆ ఇంట్లోకి దూరింది. పోటీ మొదలయ్యింది. గోడ మీద చూడబోతే ఏవో నీడలు కదులుతున్నట్టుంది, అంతే.

హెస్సెల్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఇంకా జరిపాడు. చివరికి లేచి, ముక్కు ఆనేంత దగ్గరగా గోడ ముందు నిలబడ్డాడు. అప్పుడు ఆయన నీడే బొమ్మ మీద పడింది. పక్కకు తప్పుకుంటే నీడ కూడా పక్కకొచ్చింది.

"నింకె వచ్చిందా?" అని అడిగాడు. "పేరు చెబుతున్నారు. ఎక్కడుంది ఇమ్కే? లోపలి లైనా, బయటి లైనా? నాకు నేనే అడ్డొస్తున్నాను."

ఆ మాటకు యెల్మర్, తన కప్పు కాఫీ కోసం ఈ ముసలాయన్ని గుడ్డివాణ్ణి చేశానని సిగ్గుతో చచ్చిపోయాడు. లేచి కిటికీ దగ్గరకు నడిచాడు.

"వద్దు" అంది ఇమ్కే చటుక్కున.

యెల్మర్ ఆగి ఒక్కసారి వీధికి అవతల ఉన్న తన కిటికీని, తన బల్లను చూసుకున్నాడు. రెండు చేతులతో రెండు కర్టెన్లూ బర్రున లాగేశాడు.

గది చీకటైంది. గోడ మీద మంచు తెల్లగా మెరిసింది. నారింజ రంగు డ్రెస్సులో నింకె గీత దగ్గర వంగి నిలబడి ఉంది, నిలువెత్తు మనిషి.

"అదుగో!" హెస్సెల్ కుర్చీలో కూలబడ్డాడు. "అదుగో, ముక్కు మీద మచ్చ అలాగే ఉంది! నా మంచు మీద పడి చేసుకున్నదే! వంగవే, ఇంకా వంగు, మోకాలు వంచు!"

తుపాకీ పేలింది. నింకె దూసుకుపోయింది. ముసలాయన చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకుని కుర్చీలోనే అటూ ఇటూ ఊగుతున్నాడు.

వెనకాల చీకట్లో ఇమ్కే, యెల్మర్ పక్కపక్కన నిలబడ్డారు. తర్వాత జరిగిన మాటలు నాకు ఇమ్కే చెప్పింది. కర్టెన్లు వేశాక నాకు మాత్రం ఎలా కనిపిస్తుంది?

"కర్టెన్ ఒక్కటి వేస్తే చాలని నీకు మొదటి రోజే తెలుసు కదూ?" అంది. మీరు అనడం ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలియలేదు.

"తెలుసు."

"మరి నా చేత రెండు కోట్లు రంగెందుకు వేయించావు? నడుం పట్టేసింది."

"కర్టెన్ వేస్తే నువ్వు కనిపించవు." యెల్మర్ కళ్ళు నేలమీదే ఉన్నాయి. "నాకు ఆరింటికి నిన్ను చూడ్డం కోసమే తెల్లారుతుంది ఇమ్కే. తప్పే. మీ నాన్నకి అన్యాయం చేశాను. తిట్టాలనుకుంటే తిట్టు."

ఇమ్కే తిట్టలేదు.

"నేను నీకంత మొద్దులా కనిపించానా?" అంది. "సినిమా హాల్లో లైట్లెందుకు ఆర్పుతారో మా ఊరి గొర్రెపిల్లక్కూడా తెలుసు."

"అంటే నీకు..."

"పెట్టె విప్పకముందే తెలుసు."

"మరి కేబుల్ మార్పించావు, బల్బు తుడిపించావు..."

"మార్చకపోతే నువ్వు మళ్ళీ నిచ్చెన మోసుకుని ఎందుకొస్తావు?" అంది ఇమ్కే. "నాకు మాత్రం ఆరింటికి ఎవరున్నారనుకున్నావు? మనిద్దరం కలిసి మా నాన్నని పొగమంచులో కూర్చోబెట్టాం యెల్మర్. సిగ్గులేని మనుషులం."

అతను చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతిని పట్టుకుంది. అప్పుడే కాలింగ్ బెల్ మోగింది.

మోగించింది నేనే.

మా వీధిలో పట్టపగలు కర్టెన్లు పడ్డాయంటే ఒకటే అర్థం. ఆ ఆకుపచ్చ కర్టెన్లు నేను ఆఖరిసారి మూసి ఉండగా చూసింది ఇమ్కే వాళ్ళమ్మ పోయిన రోజు. ఇప్పుడు మళ్ళీ మూసి కనిపించాయి. నల్లకోటు తగిలించుకుని, కిటికీలో ఉన్న జిరేనియం కుండీనే చంకన పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ పరిగెత్తాను. నా వెనక మరో నలుగురు. ఒకావిడ పొయ్యి మీది సూప్ గిన్నెతో సహా వచ్చింది.

ఇమ్కే తలుపు తీసింది. మొహమంతా ఎర్రగా ఉంది, కళ్ళలో నీళ్ళున్నాయి. నేను వెంటనే కావలించుకుని బావురుమన్నాను.

"ఎంత మంచివాడమ్మా మీ నాన్న! మొన్నే కదమ్మా నాతో మాట్లాడాడు!"

"ఆల్టీ!" లోపలి నుంచి నన్ను పేరు పెట్టి పిలుస్తూ పోయినవాడి కేక వినబడింది. "ఏడిస్తే లోపలికొచ్చి ఏడువు! ముందు తలుపేయి, వెలుతురు పడుతోంది! ఆఖరి రౌండు!"

నోరు మూసుకుని అందరం లోపలికి వెళ్ళాం. దుఃఖం ఎక్కడ దించుకోవాలో తెలియక ఆ కుండీ ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చున్నాను. నింకె నాలుగో స్థానంలో వచ్చింది. పతకం లేకపోయినా తన మట్టుకు తనకు అదే అన్నిటికంటే మంచి పరుగు. గీత దాటాక అది కెమెరాకేసి చూసి చెయ్యి ఊపింది. హెస్సెల్ కూడా గోడకు చెయ్యి ఊపాడు. ఆయన మొహం చూసి నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. ఈసారి ఎవరూ వద్దనలేదు.

తర్వాత అందరం సూప్ తాగాం. నాకు ఒళ్ళు మండుకొచ్చింది.

"కర్టెన్ లాగడానికి ఇన్నాళ్ళు పట్టిందా మీకు? పైగా ఒకడు ఎలక్ట్రీషియన్!"

యెల్మర్, ఇమ్కే సూప్ గిన్నెల్లోకి చూస్తున్నారు. ఇద్దరి చెవులూ ఒకే రంగులో ఉన్నాయి.

"చీకటి పడుతోంది, నేను వెళ్తాను" అంటూ యెల్మర్ లేచి, కర్టెన్ తీయబోయాడు.

"ముట్టుకోకు" అన్నాడు హెస్సెల్. "ఇంకా మగవాళ్ళ పోటీ ఉంది. ఇకమీద అవి అలాగే ఉంటాయి."

"సరే అంకుల్." యెల్మర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మాట నీరసంగా వచ్చింది.

"ఎక్కడికి వెళ్తున్నావు?"

"ఇంటికి. భోజనం వేళయింది కదా."

"అక్కడ కూర్చుని ఏం చూస్తావు? ఈ కర్టెన్లనా?"

హెస్సెల్ చేత్తో తడుముకుంటూ పక్కనున్న కుర్చీని బల్ల దగ్గరికి లాగాడు.

"నాకు మొహాలు ఆనవురా అబ్బాయ్. కానీ నువ్వు వచ్చినప్పటి నుంచీ నా కూతురు నాకు వీపు చూపించి భోంచేస్తోంది. అది మసక కళ్ళక్కూడా కనిపిస్తుంది. ఇక్కడ కూర్చో. ఇవాళైనా నా వైపు తిరిగి తింటుంది."