కమాండర్ గదికి వచ్చినవాడు

మాజ్రిలో ఎవర్నడిగినా చెబుతారు, పొద్దుగూకాక జూనీ ఖదాన్ ఆఫీసు వైపు పోవద్దని. ఆ పాత గని మూతపడి ఏళ్లయింది. యంత్రాలు పోయాయి, పట్టాలు పోయాయి, పాత ఇనుము ఏరుకునేవాళ్లు తలుపుల బోల్టులు కూడా ఊడదీసుకుపోయారు. మిగిలింది మేనేజరు గది ఒక్కటే. అందులో టేకు బల్ల, తిరిగే కుర్చీ, బల్ల మీద నొక్కితే మోగే గంట... వాటి జోలికి మాత్రం ఏ దొంగా పోలేదు. దొంగలకీ కొన్ని భయాలుంటాయి మరి.

చీకటి పడ్డాక ఆ గదిలో మాటలు వినబడతాయని అంటారు. మేనేజరు సాబ్ చచ్చినా కుర్చీ దిగలేదని అంటారు. మేక తప్పిపోయి అటు వెళ్లిన గంగవ్వ, మేకని వదిలేసి ఇల్లు చేరింది. ఏం చూశావని అడిగితే, "చూడలే... విన్న" అన్నది.

అలాంటి చోటుకి సినిమా తీయడానికి పోయారు మన తెలుగు కాలనీ వాళ్లు!

ఇదంతా హరికృష్ణ పెట్టిన పెంట. కంప్యూటర్ క్లాసులు చెప్పుకునే మనిషి. ప్రతి ఏడూ వినాయక చవితికి అదే పౌరాణికం ఎందుకు, ఈసారి ఒక చిన్న సినిమా తీసి మండపం ముందు తెర కట్టి చూపిద్దామన్నాడు. నక్షత్రాల మధ్య పోయే యుద్ధనౌక, దాని కమాండర్, ఆ కమాండర్ ఆఫీసు. కథంతా ఆ ఒక్క గదిలోనే. నౌక కింది అంతస్తులో నిప్పంటుకుంటుంది. అక్కడింకా మనుషులున్నారు, తలుపు మూయించకండని ఒక జవాను వచ్చి బతిమాలతాడు. నౌకను కాపాడాలని కమాండర్ తలుపు మూయమంటాడు. మాటలన్నీ మన తెలుగే గాని, రాసింది మరాఠీ అక్షరాల్లో. మరాఠీ బళ్లలో చదివే కాలనీ పిల్లలకి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు.

గది గోడలకి వెండి కాగితం అంటించారు. పాత కీబోర్డులు వరసగా బిగించి, ఎర్ర లైట్ల పట్టీలు చుట్టారు. కిటికీకి నల్లగుడ్డ కట్టి, చిల్లులు పొడిచి, వెనక బల్బు పెడితే నక్షత్రాలయ్యాయి. పెంకుల సందుల్లోంచి ఎండ పడితే మాత్రం అంతరిక్షం కాస్తా గొడ్ల కొట్టంలా కనబడేది. అందుకని షూటింగంతా చీకటి పడ్డాకే.

ఇక మారుతి సంగతి. కాలనీ నాటకాల్లో దుర్యోధనుడంటే మారుతే. గొంతు విప్పితే మైకు అక్కర్లేదు. ఏడాదంతా ఇంకో బొగ్గు గనిలో పంపు నడుపుకునే మనిషి, చవితి పందిట్లో మాత్రం రారాజు. కమాండర్ వేషం అనగానే, అది నీదేనని ఎవరూ చెప్పకముందే మీసం పెంచడం మొదలుపెట్టాడు.

మొదటి రోజు వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. తలుపు తెరుచుకుంది. జవాను లోపలికి అడుగు పెట్టాడు.

మారుతి లేచి నిలబడ్డాడు.

మళ్లీ తీశారు. మళ్లీ లేచాడు. సింహాసనం మీద కాలు మీద కాలేసుకునే మనిషి, ఆఫీసు బల్ల వెనక కూర్చోలేకపోయాడు. ఎట్లా కూర్చుంటాడు? దుర్యోధనుడి కొలువు అతను చూడలేదు, ఈ గది చూశాడు. గని నడిచే రోజుల్లో ఇదే బల్ల ముందు టోపీ చేత పట్టుకుని సెలవు కోసం నిలబడ్డాడు. అతని తండ్రి గట్టయ్య అంతకుముందు ఇక్కడే నిలబడ్డాడు. ఈ గదిలో తలుపు చప్పుడైతే చాలు, నడుము దానంతటదే లేస్తుంది.

"కమాండర్ లెవ్వడు మారుతన్నా. వచ్చినోడు నిలబడ్తడు" అని హరికృష్ణ ఓపికున్నంతసేపు చెప్పి, చివరికి వేషం నాగేష్‌కి ఇచ్చేశాడు.

నాగేష్ పరాయివాడు కాదు, మారుతి భార్య ప్రేమలతకి స్వయానా తమ్ముడు. కరెంటు తయారుచేసే చోట ఉద్యోగం, ఊర్జానగర్‌లో క్వార్టరు, చల్లటి గదిలో సొంత కుర్చీ. ఆ కమాండర్ కుర్చీలో పుట్టి పెరిగినట్టే కూర్చున్నాడు. మారుతికి మిగిలింది జవాను వేషం. అంటే బామ్మర్ది కూర్చుని ఉంటే, బావ ఎదురుగా నిలబడి దయ చూపమని బతిమాలాలి.

బావమరిది బతుకు కోరతాడని సామెత. బావ ఏం కోరతాడో ఆ సామెతలో చెప్పలేదు.

మారుతికి కడుపు మండిపోయింది. నాగేష్ మోటార్ సైకిల్ చూస్తే మంట, నాగేష్ కళ్లద్దాలు చూస్తే మంట. ప్రేమలత తమ్ముడికి ఒక చేప ముక్క ఎక్కువ వేసిందని పళ్లెం ముందు నుంచి లేచిపోయాడు. నాగేష్ ఎంత దర్జాగా కూర్చున్నాడో అని కాలనీలో ఎవరైనా అంటే, కూర్చోవడం కూడా ఒక విద్యేనా అని వాళ్లతో తగువు పెట్టుకున్నాడు. నిద్రపట్టక గోడ వైపు తిరిగి పడుకుని కమాండర్ మాటలు గొణుక్కునేవాడు. అవన్నీ అతనికి నోటికొచ్చు. అదే అసలు బాధ.

ఆ శనివారం అందరూ అన్నాలు తిని రావాలని అనుకున్నారు. మారుతి అన్నం తినకుండా ముందే బయల్దేరాడు.

ఎందుకు వెళ్తున్నాడో భార్యకి కూడా చెప్పలేదు. ఒక్కడే ఆ కుర్చీలో కూర్చోవాలి... ఎవరొచ్చినా లేవకుండా ఉండడం నేర్చుకోవాలి. నేర్చుకుంటే హరికృష్ణ కాళ్లు పట్టుకునైనా వేషం వెనక్కి తెచ్చుకోవచ్చు. మరి దెయ్యమంటే భయం లేదా అంటే, ఉంది. ఓర్వలేనితనం ఆ భయం కంటే పెద్దది.

గదిలో కరెంటు లేదు. తీగ తెచ్చి తగిలించాల్సింది హరికృష్ణ. పెంకుల సందుల్లోంచి కాస్త వెన్నెల పడుతోంది. వెండి కాగితం అక్కడక్కడా మెరుస్తోంది. మారుతి తడుముకుంటూ వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. వీపు ఆనించాడు. చేతులు బల్ల మీద పెట్టాడు. బాగుంది... చాలా బాగుంది.

అప్పుడు తలుపు కిర్రుమంది.

నడుము లేవబోయింది. మారుతి రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు. పళ్లు బిగించాడు. లేవలేదు.

లోపలికొచ్చిన మనిషి బల్లకి కొంచెం దూరంలో ఆగాడు. మొహం చీకట్లో ఉంది. చంకలో హెల్మెట్ మాత్రం లీలగా తెలుస్తోంది. మోటార్ సైకిల్ దిగి హెల్మెట్ చంకన పెట్టుకుని వచ్చేది ఒక్క నాగేషే. దొరికిపోయాననుకున్నాడు మారుతి. వీడిప్పుడు నవ్వుతాడు... వెళ్లి వాళ్లక్కకి చెబుతాడు...

ఆ మనిషి నవ్వలేదు. తల వంచుకుని నిలబడ్డాడు.

"సాబ్..." అన్నాడు మెల్లగా. "లోపట ఇంక మనుషులున్నరు సాబ్."

ఓహో, అనుకున్నాడు మారుతి. తన వేషం నాగేష్ వేస్తున్నాడు. బావ కుర్చీలో కూర్చున్నాడు గదా అని జవాను మాటలు అందుకున్నాడు. ఎగతాళో, మంచితనమో తెలియలేదు. రెండిట్లో ఏదైనా మారుతికి ఒళ్లు మండేదే.

"గోడ కట్టనియ్యకుండ్రి సాబ్... మా తమ్ముడు లోపల్నే ఉన్నడు. సమ్మన్న. చిన్నోడు సాబ్..."

తప్పు చెప్పాడు! తలుపు అనాల్సింది గోడ అన్నాడు. అంతరిక్ష నౌకలో గోడ కట్టడమేమిటి? పైగా కథలో లేని తమ్ముణ్ని ఒకణ్ని తీసుకొచ్చాడు. మారుతికి ఒక్క క్షణం సంతోషం వేసింది. ఆ సంతోషం నిలవలేదు. ఎందుకంటే ఆ గొంతు... ఆ గొంతులో వణుకు చూశారూ, అది నటన అంటే ఎవరూ నమ్మరు. ఇన్నేళ్లు వేషాలు కట్టిన తనకి ఒక్కసారీ రాని వణుకు. కుర్చీలో కూర్చోవడం వీడికే వచ్చు, ఎదురుగా నిలబడి ఏడవడం కూడా వీడికే వచ్చు. ఇంక తనకేం మిగిలింది?

ఆ మంటలోంచి వచ్చింది మారుతి గొంతు. చల్లగా, నెమ్మదిగా, ఎప్పుడూ రానంత బాగా వచ్చింది.

"మంట పైకొస్తున్నది. మూసెయ్యుండ్రి."

ఆ మనిషి మోకాళ్ల మీద పడ్డాడు. చంకలో హెల్మెట్ జారి నేలకి తగిలి ఖణేల్‌మంది.

"కాల్మొక్త సాబ్... జరసేపు ఆగుండ్రి. నేనే లోపటికి పోయి తీస్కొస్త. జరసేపే..."

ఏడుస్తున్నాడు. నిజంగా ఏడుస్తున్నాడు! మారుతికి అసూయ కళ్లదాకా వచ్చింది. ఇంకొక్క మాట వింటే తనే ఏడుస్తాడేమోనని భయం వేసింది. కమాండర్ ఏడవకూడదు. కమాండర్ లేవకూడదు.

"చెప్పిన గద. ఇది నా ఆర్డర్. గోడ కట్టుండ్రి."

వాడన్న గోడే తనూ అన్నాడు, వెక్కిరింపుగా. అని, బల్ల మీద గంట టింగుమని కొట్టాడు. ఇక వెళ్లొచ్చని దాని అర్థం.

ఆ మనిషి మెల్లగా లేచాడు.

"జీ సాబ్."

వీపు చూపించకుండా, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ తలుపు దాకా వెళ్లాడు. పాతకాలం గని మనుషులు సాబ్ ముందు నుంచి అట్లాగే వెళ్లేవాళ్లు. ఇది కూడా ఎక్కడ నేర్చాడో, అనుకున్నాడు మారుతి కుళ్లుకుంటూ. తలుపు మూసుకుంది. గదిలో బొగ్గు పొగ వాసన మిగిలింది.

అయినా... లేవలేదు గదా! ఎవడో వచ్చాడు, నిలబడ్డాడు, కాళ్ల మీద పడ్డాడు. తను లేవలేదు. మారుతి గుండె ఉప్పొంగింది. ఎట్లా చేశానురా నాగేషూ అని గట్టిగా పిలిచాడు.

జవాబుకి బదులు దూరంగా మోటార్ సైకిల్ చప్పుడు వినబడింది. దగ్గరికొచ్చింది. లైటు వెలుగు తలుపు సందులోంచి గదంతా తిరిగి, బల్ల ముందు నేల మీద నిలిచింది. హెల్మెట్ తీస్తూ నాగేష్ లోపలికొచ్చాడు. రైలు గేటు పడి ఆలస్యమైందని, లేకపోతే ఇంకా ముందే వచ్చేవాడినని అన్నాడు.

మారుతి ఒక నవ్వు నవ్వాడు. "ఇందాక వచ్చింది చాల్లే. మల్ల నాటకాలెందుకు?"

నాగేష్‌కి అర్థం కాలేదు. తను చెప్పాలనుకున్నదేదో మనసులో నలుగుతున్నట్టుంది, అదే ముందు చెప్పేశాడు.

"బావా, ఆ కమాండర్ వేషం నువ్వే ఎయ్యి. హరికృష్ణన్నకు ఫోన్ చేసి చెప్పిన. నువ్వు నా ముందల నిలబడి బతిమాలుతుంటే... అక్క మొహం చూడలేకపోతున్న నేను."

కోరుకున్నది చేతికొచ్చింది. కానీ మారుతి చెవికి ఆ మాటలు సగమే ఎక్కాయి. అతను నాగేష్ బూట్లు చూస్తున్నాడు. నేల మీద దుమ్ములో బల్ల ఎదుట రెండు మోకాళ్ల గుర్తులున్నాయి. అక్కడి నుంచి తలుపు దాకా... బూట్ల గుర్తులు కావు. ఉత్త పాదాలవి.

"నువ్వు రాలేదా?" అన్నాడు.

"ఇప్పుడే గద బావా వచ్చిన. ఏంది, ఏమైంది?"

అప్పుడు వినబడింది ఆ చప్పుడు.

టక్... టక్... గర్ర్‌ర్...

ఇటుక మీద తాపీ తట్టే చప్పుడు. ఆఫీసు వెనకాల, గనిలోకి దిగే సొరంగం వైపు నుంచి వస్తోంది. ఈ చీకట్లో గోడ కట్టేదెవరు అని నాగేష్ ఫోను లైటు వేశాడు. మారుతి అతని చెయ్యి పట్టుకున్నాడు. ఇన్నాళ్లూ ఏ చెయ్యి చూస్తే మంటగా ఉండేదో, ఆ చెయ్యే ఇప్పుడు వదల్లేకపోయాడు.

నడుస్తుంటే తండ్రి మాట గుర్తొచ్చింది మారుతికి. ఎప్పుడో గని లోపల నిప్పంటుకుంటే, మంట పైకి రాకుండా సాబ్ గోడ కట్టించాడట. మనుషులంతా బయటికొచ్చాకే కట్టామని కంపెనీ పెద్దలు చెప్పారట. ఆ మాట వచ్చినప్పుడల్లా గట్టయ్య బీడీ పారేసి అక్కణ్నుంచి లేచిపోయేవాడు. సాబ్ మాత్రం బదిలీ మీద వెళ్లి, పింఛను తీసుకుని, ఎక్కడో చల్లగా పోయాడు. ఆయనకి ఇక్కడ తిరగాల్సిన పనేముంది? ఊరంతా దెయ్యం కుర్చీలో ఉందనుకున్నారు. గని టోపీ చంకన పెట్టుకుని కుర్చీ ఎదుట నిలబడ్డవాడి సంగతి ఎవరికీ తట్టలేదు. సాబ్ మనసు ఇవాళైనా మారుతుందేమోనని, ఇన్నేళ్లుగా అడగడానికి వస్తూనే ఉన్నాడు... ఖాళీ కుర్చీ ఇన్నేళ్లూ కాదనలేదు. ఇవాళ మారుతి కాదన్నాడు.

సొరంగం దగ్గరికి వెళ్లేసరికి చప్పుడు ఆగిపోయింది. ఎవరూ లేరు.

గని మూసినప్పుడు సొరంగం నోటికి అడ్డంగా ఇటుక గోడ కట్టారు. ఇనుము కోసం వచ్చినవాళ్లు దానికి మనిషి పట్టేంత కన్నం పొడిచారు. మొన్న షూటింగప్పుడు కూడా అందరూ ఆ కన్నంలోంచి తొంగి చూశారు.

"బావా..." నాగేష్ గొంతు గుసగుసలోకి దిగింది. "కన్నం ఏమైంది?"

కన్నం లేదు. అక్కడ ఎర్రగా కొత్త ఇటుకలున్నాయి. మారుతి వేలు పెట్టి చూశాడు. సిమెంటు ఇంకా తడిగా ఉంది.

అంతే, ఇక ఆగలేకపోయాడు. వద్దని నాగేష్ లాగుతున్నా వినకుండా గోళ్లతో గీకాడు, పిడికిలితో గుద్దాడు. తప్పైంది, నేను సాబ్‌ను కాను, నేను మారుతిని అని గోడకి చెప్పుకుంటూ ఏడ్చాడు. ఒక ఇటుక కదిలింది. ఊడి లోపలికి పడింది. పడిన చప్పుడు వినబడలేదు. ఆ సందులోంచి వెచ్చటి గాలి వచ్చి మొహానికి తగిలింది.

ఆ గాలితోపాటు, చాలా దగ్గర్నుంచి, ఒక చిన్న కుర్రాడి గొంతు మెల్లగా అడిగింది.

"వచ్చినవా అన్నా?... సాబ్ ఏమన్నడు?"