నల్లనువ్వుల తువ్వాలు

అర్పా నది వరద వంతెన గర్డర్లని నాకిపోయిన ఏడుకి మూడో ఏడు జరిగిన సంగతిది. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మన తెలుగువాళ్ళు ఏళ్ళని అలాగే లెక్కపెట్టుకునేవారు. వరదకి ముందు పెళ్ళి, వరద తరవాత పురుడు అని.

దసరాకి ముందురోజు. గ్యాంగు మేస్త్రీ అప్పలస్వామికి రెస్టు. గడపలో కూర్చుని చోడంబలి తాగుతున్నాడు. ఏడేళ్ళ కొడుకు సూర్యం వెదురు విల్లుకి రంగు కాగితాలు అంటిస్తున్నాడు. దసరా పొద్దున్న రమణమూర్తి మేష్టారు బడిపిల్లలకి విల్లంబులు పట్టించి, పాడించుకుంటూ ఇంటింటికీ తిప్పుతారు. ఇంటివాళ్ళు పిల్లలకి పప్పుబెల్లాలు పెడతారు. మేష్టారికి బట్టో కాయో, ఎవరి తాహతుకి తగ్గది వాళ్ళిస్తారు. అక్కడ తెలుగు బడంటే ఆయన వరండా ఒక్కటే.

“అమ్మా, రేపు మేష్టారు మనింటికొస్తారా?” అన్నాడు సూర్యం.

అప్పలస్వామి ముంత దించేశాడు. వరద తరవాత మూడు దసరాలు ఆ పిల్లల పాట వాళ్ళ గుమ్మం ముందు ఆగిపోయి, రెండిళ్ళు దాటాక మళ్ళీ మొదలయ్యేది.

“ఎందుకు రారు? ఇప్పుడు నువ్వూ ఆయన బళ్ళోనే ఉన్నావు గదా, రానీ,” అంది అచ్చియమ్మ పొయ్యి దగ్గర్నుంచి. “మావా, అంబలి వేగిరం తాగీ. బజారుకెల్లి మేష్టారికి ఏటైనా కొందాం.”

ఆ మాట అంత మెత్తగా వచ్చేసరికి అతను పొయ్యివైపు తిరిగి చూశాడు. మూడేళ్ళుగా ఆ ఇంట్లో మేష్టారి పేరు తిట్టుతో తప్ప వినపడలేదు. సూర్యం అక్క చిన్నతల్లిని వరదరోజున బడి విడవకముందే బయటికి పంపింది ఆయనే. ఏటిగట్టు జారి పిల్ల కొట్టుకుపోయింది. వేరే తెలుగు బడి ఉంటే అచ్చియమ్మ సూర్యాన్ని ఆ వరండా మెట్టు ఎక్కనిచ్చేది కాదు.

తెలిపారా బజారంతా పండగ సందడి.

“గార్డుగారింట్లో పట్టుపంచ ఇస్తారట,” అన్నాడు సూర్యం.

“గార్డు రైలెక్కి ఊరేగుతాడు. మీ అయ్య పట్టాలంట నడుత్తాడు. నడిచేవోడికి తగ్గదే ఇద్దాం.”

శాలువా తడిమి చూసి, ధర విని చెయ్యి తీసేశారు. ఇత్తడి చెంబొకటి బాగుందన్నాడు అప్పలస్వామి.

“గాలేస్తే ఎగిరిపోద్దది,” అంది అచ్చియమ్మ.

“లే లో బాయీ, పక్కా మాల్ హై!” అంటూ గట్టి సరుకని వేలితో చెంబు మోగించి చూపాడు దుకాణంవాడు.

“అచ్ఛా, నీ పక్కా నాకెరికేలే!”

“మేష్టారు కళ్ళద్దాలు దారంతో కట్టుకుంటారమ్మా,” అన్నాడు సూర్యం మెల్లగా.

“అద్దాలు మనమెక్కడ కొనగలంరా?”

చివరికి ఎర్రంచు తువ్వాలొకటి, కొబ్బరికాయొకటి తీసుకున్నారు. అప్పుడే రైలింజన్ల షెడ్డులో మధ్యాహ్నం పన్నెండు గంటల కూత పడింది. అప్పలస్వామి గిరుక్కున వెనక్కి తిరిగాడు.

మూడేళ్ళుగా అంతే. పన్నెండు కూత పడిందంటే వీపు వెనకాల గిన్నె మీద మూత కదిలిన చప్పుడు. చిన్న అడుగులు, కంకర మీద. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. డూటీలో మధ్యాహ్నం తిండి మానేశాడు. ఎవరైనా అడిగితే కడుపునొప్పి అనేవాడు.

అతను ఇటు తిరిగేసరికి అచ్చియమ్మ పక్క దుకాణంలోంచి చిన్న పొట్లంతో వస్తోంది.

“ఏటది?”

“ఆడోళ్ళ సరుకు. నీకెందుకు?”

దీపాలవేళ సూర్యం విల్లు పట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు. పీట మీద తువ్వాలు మడతపెట్టి ఉంది. ఒక చెంగుకి ముడి. అప్పలస్వామి వేళ్ళతో నొక్కి చూశాడు. గింజలు. ముడి విప్పాడు.

నల్లనువ్వులు.

నల్లనువ్వులు శుభానికిచ్చేవి కావు. పాపం వదిలించుకోడానికి దానమిచ్చేవి. పుచ్చుకున్నవాడికి ఆ పాపం చుట్టుకుంటుందని మనవాళ్ళు నువ్వుగింజ చేతిలోంచి చేతిలోకి కూడా తీసుకోరు.

“ఇదేటే?”

“కనిపిత్తంది గదా.”

“పండగపూట పిల్లడికి అచ్చరాలు సెప్పే మనిషికి నువ్వులా?”

“నా పిల్ల ఉసురు తగలాల్సినోడికి తగలాలి. సూర్యం సేత ఇప్పిత్తాను. పిల్లడి సేతిది కాదనడు.”

“తప్పే.”

“తప్పా?” అచ్చియమ్మ లేచి నిలబడింది. “ఏరు పొంగుతాంటే ఆడపిల్లని బయటికి తోలీడం తప్పు కాదేటి? మూడేళ్ళయి ఒక్క మాటంటే ఒక్క మాటనలేదు నువ్వు. రాయివి! పిల్లని కన్నది నానొక్కద్దాన్నేనా?”

అప్పలస్వామి గోడకి చేరగిలి కూర్చున్నాడు.

“నానే రమ్మన్నాను.”

“ఎవుల్ని?”

“సిన్నతల్లిని.” నేల వైపు చూస్తూ చెప్పాడు. “ఆ రోజు నీకు జరం. నన్ను వంతెన కాపలా ఎట్టి కదలొద్దన్నారు. సంచీలో ఎండురొట్టెలున్నాయి. వేడి బువ్వ తినాలనిపించింది. పొద్దున్న ఎల్తూ దానికి సెప్పాను, మేష్టార్నడిగి వేగిరం ఇంటికెల్లి, అమ్మ లెగకుండా నువ్వే వొండి, పన్నెండింటికి గిన్నెలో బువ్వట్టుకొచ్చీవే, అమ్మకి సెప్పకు, కోప్పడతాది అని. అయ్య రమ్మన్నాడంటే ఆయన పంపీసారు. గిన్నేదని నువ్వడిగితే, నా సేతిలోంచే ఏట్లో పడిపోయిందన్నాను.”

ఇంట్లో దీపం వొత్తి చిటచిటలాడింది.

“మరి అందరూ తిడతాంటే మేష్టారు సెప్పలేదేం?”

“నాకేసి ఒకపాలి సూసారు. నాను తలొంచుకున్నాను. అడిగింది, పంపాను, అన్నారంతే.”

అచ్చియమ్మ తువ్వాలు ఎత్తింది. అతని రెండు చేతులూ లాగి దోసిలి పట్టించి నువ్వులన్నీ అందులో గుమ్మరించింది.

“అయితే ఇయ్యి నీయి.”

అతను చేతులు వెనక్కి తీసుకోలేదు. గింజలు వేళ్ళ సందుల్లోంచి జారుతున్నాయి. ఆమె ఆ దోసిలి మీద పిడికిళ్ళతో కొట్టింది. నువ్వులు గదంతా చిందాయి. కొట్టీ కొట్టీ ఆ చేతుల మీదే తలానించి కూలిపోయింది.

“వేడి బువ్వ కావాలని నాతో అనుంటే జరంలో అయినా లేచి వొండి తెచ్చీదాన్ని గదయ్యా!”

“ఔనే.”

“అది తిని ఎల్లిందో లేదో.”

మొదటిసారి అతని నోటంట ఏడుపు వచ్చింది, దగ్గులాగ, మోటుగా. చాలాసేపటికి ఆమె కొంగుతో అతని మొహం తుడిచింది.

“మూడేళ్ళు నా తిట్లన్నీ తిన్నాడు మావా ఆయన. ఆ నోటితోటే సూర్యానికి ఓనమాలు సెప్పాడు.”

లేచి తువ్వాలు గుమ్మంలో దులిపింది. కొత్తదయినా నీళ్ళలో జాడించి తీగమీద ఆరేసింది. గదిలో చిందిన నువ్వులు అప్పలస్వామే మోకాళ్ళమీద పాకి ఒక్కొక్కటీ ఏరాడు.

మర్నాడు పొద్దున్న పిల్లలు విల్లంబులతో బయల్దేరకముందే అతను మేష్టారి వరండా దగ్గరికి వెళ్ళాడు. తల్లులూ తండ్రులూ అప్పటికే గుమిగూడి ఉన్నారు. తువ్వాలు, కొబ్బరికాయ మేష్టారి చేతుల్లో పెట్టి, కాళ్ళకి దణ్ణంపెట్టి లేచాడు. జనం వైపు తిరిగాడు.

“వరదరోజున నా పిల్లని ఏటికి రమ్మన్నది నాను. ఈ బాబు కాదు,” అన్నాడు.

వీధి చివర వాళ్ళకి కూడా వినపడేలా మళ్ళీ చెప్పాడు.