కుక్కకు సీటు దొరికిన రోజు

గురువారం పొద్దున ఫావ్రో వాళ్ళింట్లో ఉప్పు అయిపోయింది. లాబ్‌స్టర్ మాత్రం ఉంది.

ఇంటాయన రెజీస్ జెనీవాలో ప్రైవేట్ జెట్‌లు నడిపే కెప్టెన్. శ్రీమంతులు ముట్టకుండా వదిలేసిన భోజనాన్ని సిబ్బంది ఇంటికి తెచ్చుకోవడం ఆ వృత్తిలో మామూలే. అందుకని రన్‌వే పక్కన, మేరాన్‌లోని ఆ మూడు గదుల ఇంట్లో సోమవారం పొగబెట్టిన సాల్మన్, మంగళవారం ఖరీదైన చేపగుడ్లు, నెలాఖరున ఉత్త పాస్తా మీద మళ్ళీ అవే చేపగుడ్లు. ఆయన భార్య యోలాండ్ కిందింటి మదాం పియగే దగ్గర గిన్నెడు ఉప్పు తెచ్చుకుని, బదులుగా బాతు కాలేయం డబ్బా ఇచ్చి వచ్చేది. ఇద్దరూ చెల్లుకు చెల్లనే అనుకునేవాళ్ళు.

వచ్చేవారం రెజీస్‌కి అరవై ఐదు నిండుతాయి. ఆ తర్వాత నడపనివ్వరు. ఈ రోజుదే చివరి ప్రయాణం. విమానాన్ని ఖాళీగా ఫ్రాన్స్‌లోని నీస్‌కి తీసుకెళ్ళి, అక్కడ ఇంకో కెప్టెన్‌కి అప్పగించాలి. కెప్టెన్ చివరి ప్రయాణం ఇలా ఖాళీ విమానంలో పడితే, ఇంటివాళ్ళని ఎక్కించుకోవచ్చని ఆ కంపెనీలో ఆనవాయితీ.

యోలాండ్ కొత్త టోపీ కొంది. మేడలో అందరికీ చెప్పింది. ప్రైవేట్ విమానాలకి టైంటేబుల్ ఉండదనీ, యజమాని మనసే టైంటేబుల్ అనీ ఆవిడకి పెళ్ళైన మొదటి నెలలోనే తెలిసింది. అయినా టోపీ కొంది.

"సొలెన్, ఆ బూట్లతోనే ఎక్కుతావా ఏంటి?" అంది అద్దంలోంచి కూతుర్ని చూస్తూ.

"నేను ఎక్కట్లేదమ్మా."

"కార్పెట్ తెల్లగా ఉంటుందట. మార్చుకో."

"అమ్మా, ఎక్కట్లేదన్నా."

సొలెన్ లోజాన్‌లో ఉద్యోగం చేస్తోంది. ప్రైవేట్ జెట్‌ల మీద పన్ను వెయ్యాలని పోరాడే సంస్థలో. ఇంట్లో ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడరు. అంతవరకూ కాపురం బాగానే సాగుతోంది.

రెజీస్ యూనిఫాం మీద కాఫీ ఒలకకుండా ముందుకు వంగి తాగుతున్నాడు. "విమానం ఎలాగూ వెళ్తుంది. నువ్వు ఎక్కకపోతే మిగిలేది ఏముంది?"

"మేం అనేదీ అదే నాన్నా. పదింట్లో నాలుగు ఖాళీగానే తిరుగుతున్నాయి. ఎవరున్నా లేకపోయినా ఎలాగూ వెళ్తున్నాయి."

"నిండుగా వెళ్తే మీకు సమ్మతమా?"

"కాదు."

"ఖాళీగా వెళ్తే?"

"అదీ కాదు."

"కూర్చుంటే తప్పు, నిలబడితే తప్పు. మీ నానమ్మ మళ్ళీ పుట్టినట్టుంది."

యోలాండ్ నవ్వింది. సొలెన్ నవ్వలేదు. దాంతో రెజీస్‌కి ఎక్కడో గుచ్చుకుంది.

"నీ పళ్ళకి వేయించిన తీగలు, నీ యూనివర్సిటీ చదువు, నీ స్కీయింగ్, అన్నీ ఆ విమానమే మోసింది. గుర్తుందా?"

"గుర్తుంది. అందుకే నువ్వేం చేస్తావో ఆఫీసులో చెప్పలేదు."

"మరేం చెప్పావ్?"

సొలెన్ పళ్ళెంలోని లాబ్‌స్టర్ వైపు చూసింది. అది సాయం చేసే స్థితిలో లేదు. "ట్రామ్ నడుపుతావని."

ఇంటి మీదుగా ఏదో విమానం లేచింది. గ్లాసులు గలగలలాడాయి. అవి సద్దుమణిగేదాకా రెజీస్ ఆగాడు.

"ఏ రూటు?"

"పద్నాలుగు."

"పద్నాలుగా," అని తలూపాడు. "రద్దీ ఎక్కువ."

లేచి వెళ్ళి కప్పు సింకులో పెట్టాడు. విసురుగా పెట్టి ఉంటే ఇంట్లో వాళ్ళిద్దరికీ కాస్త తేలిగ్గా ఉండేది.

అప్పుడే ఫోన్ మోగింది. కంపెనీ నుంచి. రెజీస్ "సరే" అన్నాడు, మళ్ళీ "సరే" అన్నాడు, చివర్లో "కరవదు కదా?" అని పెట్టేశాడు.

"యజమాని భార్య కుక్క ఇక్కడే ఉండిపోయిందట. దాన్ని నీస్‌కి చేర్చాలి."

"చేరుద్దాం," అంది యోలాండ్. "నాకు కుక్కలంటే భయం లేదు."

"దానికి కొత్తవాళ్ళంటే భయమట."

"పన్నెండు సీట్లున్నాయి కదా రెజీస్."

"ఉన్నాయి. అది ఏ సీటు అడుగుతుందో ముందుగా చెప్పలేమట."

యోలాండ్ కుర్చీలో కూర్చుంది, టోపీతోనే. రెజీస్ బ్యాగు తీసుకున్నాడు. గుమ్మం దగ్గర కూతురితో, "సమస్య తీరిపోయింది కదమ్మా," అన్నాడు. ఎత్తిపొడుపులా అనాలనుకున్నాడు గానీ మెత్తగా వచ్చింది.

తలుపు మూసుకుంది.

"మదాం పియగేకి ఏం చెప్తావ్?" అంది సొలెన్.

"కుక్క సంగతే చెప్తాను. ఎవరూ నమ్మరు. అదే నయం." యోలాండ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నేను తెల్ల కార్పెట్ కోసం ఏడుస్తున్నాననుకుంటున్నావు కదూ?"

"లేదమ్మా."

"అనుకుంటున్నావ్. నీ మొహం మీ నాన్నది, ఏదీ దాగదు. నువ్వు పుట్టినరోజున ఆయన ఆ విమానంలో ఉన్నాడు. మా అమ్మ పోయిన రోజూ అందులోనే. ప్రతి క్రిస్మస్‌కీ సగం భోజనంలో ఫోన్ వచ్చేది. అన్నేళ్ళు మా ఆయన ఎక్కడ కాపురం ఉన్నాడో ఒక్కసారి చూద్దామనుకున్నా. అంతే."

సంస్థ అచ్చువేసిన కరపత్రంలో ఈ లెక్క లేదు. సొలెన్ వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చుంది. ఖాళీ విమానాల్ని లెక్కపెట్టడం ఆమె ఉద్యోగం. ఖాళీ కుర్చీ వేసుకుని క్రిస్మస్ భోజనం ముగించిన మనిషి ఇంట్లోనే ఉందని ఎప్పుడూ తట్టలేదు.

"నాన్న ఎలా తిరిగొస్తాడు?"

"సాయంత్రం మామూలు విమానంలో. కంపెనీ టికెట్ ఇస్తుంది."

"రావద్దని చెప్పు. నీస్ స్టేషన్లో ఉండమను. మనం రైల్లో వెళ్దాం."

"నీస్‌కా? రైల్లో రోజంతా పడుతుందే."

"పట్టనీ. టోపీ పెట్టుకో."

లియోన్‌లో రైలు మారి, మార్సేయ్‌లో ఇంకోటి ఎక్కి, వాళ్ళు నీస్‌లో దిగేసరికి ఎండ వాలిపోయింది. స్టేషన్ హాల్లో, బంగారు చారల యూనిఫాంలో, బ్యాగు కాళ్ళ మధ్య పెట్టుకుని రెజీస్ నిలబడి ఉన్నాడు.

"ఫైరింజన్లు నీళ్ళు చిమ్మి స్వాగతం చెప్పాయి," అన్నాడు. "రిటైరయ్యేవాళ్ళకి చేస్తారుగా. కుక్క సీటు కిందకి దూరింది. దాన్ని బయటికి తీయడానికి ఇద్దరం పట్టాల్సొచ్చింది."

యోలాండ్ ఆయన కాలరు సర్దింది. ఇంతలో సూట్‌కేసుతో ఒక పెద్దాయన పరుగున వచ్చి రెజీస్ చెయ్యి పట్టుకున్నాడు.

"మార్సేయ్ రైలు ఏ ప్లాట్‌ఫాం బాబూ?"

రెజీస్ కూతురి వైపు చూశాడు. పద్నాలుగో నంబరు ట్రామ్ మనిషిలాగే సమాధానం చెప్పడానికి సిద్ధపడ్డట్టు కనిపించాడు.

"ఆయన రైళ్ళాయన కాదండీ," అంది సొలెన్. "మా నాన్న. పైలట్. ప్రైవేట్ జెట్‌లు నడుపుతాడు." చెయ్యెత్తి చూపించింది. "బోర్డు అక్కడుంది, చూడండి."

పెద్దాయనకి ఇందులో బోర్డు ఒక్కటే పనికొచ్చింది. వెళ్ళిపోయాడు.

"సోమవారం ఆఫీసులో కూడా చెప్తా," అంది సొలెన్, నేల చూస్తూ. "పన్ను మాత్రం అడగడం మాననులే."

"మానొద్దు. వాళ్ళు కట్టగలరు," అన్నాడు రెజీస్. ఆ తర్వాత కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు. మొహం కనపడకుండా, చాలాసేపు.

మర్నాడు ముగ్గురూ రైల్లో ఇంటిదారి పట్టారు. రెజీస్ కిటికీకి అతుక్కుపోయాడు. దారిలో వాలాన్స్ అనే ఊరు వచ్చింది. ఆయనకి అది ఇన్నేళ్ళూ విమానం రేడియోలో పలికే ఒక పేరు మాత్రమే. అక్కడ ప్లాట్‌ఫాం మీద ఒకావిడ పిల్లాడి ముక్కు తుడుస్తోంది. "ఇక్కడ మనుషులుంటారా," అన్నాడు తనలో తాను.

లియోన్‌కి ఇవతల రైలు పొలాల మధ్య ఆగిపోయింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. పెట్టెలో గొణుగుడు మొదలైంది. ఎవరో గడియారం చూసుకుని నిట్టూర్చారు. రెజీస్ కోటు బొత్తాం పెట్టుకుని లేచి నిలబడ్డాడు. ప్రయాణికులకి నచ్చజెప్పబోతున్న మొహం.

సొలెన్ ఆయన చెయ్యి పట్టుకుంది. "కూర్చో నాన్నా. ఈ ఆలస్యం నీది కాదు."

రెజీస్ పెట్టెలోని వాళ్ళందర్నీ ఒకసారి చూశాడు. కోటు బొత్తాం విప్పుకుని, భార్యకీ కూతురికీ మధ్య కూర్చున్నాడు.